పందెపు బండ్లకూ పుట్టుమచ్చలుంటాయి

మన పత్రికలో త్యాగరాజ ఆరాధన గురించీ, పిల్లలకు తెలుగు నేర్పడం గురించీ వ్యాసాలు వస్తూంటాయి. ఈసారి మేము మోటారు కార్ల గురించి వ్రాస్తామనగానే సంపాదకులు నవ్వి, "సరే, నిడివి మాత్రం పెంచకండి" అన్నారు. మిషిగన్‌లో కాపురముంటూ కార్ల ఊసెత్తకపోవడం రాజమండ్రిలో ఉండి గోదావరి మాట ఎత్తకపోవడం లాంటిదే కదా.

మా ఇంటికి మూడిళ్ళ అవతల ఒక పెద్దాయన ఉన్నారు. కార్ల కర్మాగారంలో పనిచేసి విరమించినవారు. పోయిన చలికాలం ఒకనాటి సాయంత్రం మమ్మల్ని తన గరాజుకు తీసుకువెళ్ళారు. రక్తపోటు చూడమంటారు కాబోలనుకున్నాం. ఆయన దుప్పటి తీసి చూపించింది 1968 డాడ్జి డార్ట్. దాన్ని కొనాలని వచ్చిన ఒక బేరగాడు అరగంట చుట్టూ తిరిగి, "ఇంజను అసలుది కాదు, కుడి తలుపు అసలుది కాదు. ఇలాంటి నకళ్ళు బోలెడు చూశాను" అని వెళ్ళిపోయాడట. బేరం పోయినా ఫరవాలేదు గాని, నకలు అన్న మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. "డాక్, మచ్చలు చూసి రోగి కథ చెప్పడం మీ పనే కదా. దీని కథ చెప్పండి" అన్నారు. ఆయన ఆ బండిని 1970లో మరొకరి దగ్గర కొన్నారు. అందుచేత దాని పుట్టుక సంగతి ఆయన విన్నదే గాని కన్నది కాదు.

అలా మేము ఈ చరిత్రలో పడ్డాం.

డ్రాగ్ రేసు అంటే నిలబడి ఉన్న రెండు బండ్లు ఒక్కసారిగా బయలుదేరి పావు మైలు, అనగా 1320 అడుగులు, తిన్నగా పరుగెత్తడం. మలుపులు లేవు. యుద్ధం తర్వాత కుర్రవాళ్ళు వీధుల్లోనూ పాడుపడ్డ విమానాశ్రయాల్లోనూ ఈ పందేలు వేసుకుంటూ ఉంటే, వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించి వాటికి ఒక కట్టుబాటు తెచ్చారు. జాతీయ పోటీలు మొదట 1955లో కాన్సాస్ రాష్ట్రం గ్రేట్ బెండ్‌లో జరిగాయి. 1961 నుంచి ఇండియానాపొలిస్ వాటి స్థిరనివాసమైంది. ఈ పోటీల్లో 'స్టాక్' తరగతులు కొన్ని ఉండేవి. ఎవరైనా డీలరు దగ్గరకు వెళ్ళి కొనుక్కోగలిగిన బండే అందులో పరుగెత్తాలి. కంపెనీ అటువంటివి ఇన్నని తయారుచేసి అమ్మితేనే ఆ బండికి ప్రవేశం. మేము చెప్పబోయే కథంతా ఈ ఒక్క నియమంలోంచి పుట్టింది. ఆదివారం పందెం గెలిచిన బండి సోమవారం అమ్ముడవుతుందని డిట్రాయిట్ వారి నమ్మకం. కాబట్టి నియమం తీరేటన్ని మాత్రమే చేసి, పేరుకు అమ్మకానికి పెట్టి, నిజానికి పందేనికే కన్న బండ్లు ఇవి.

పైకి మాత్రం అందరూ సాధువులే. 1957లో కార్ల తయారీదారుల సంఘం పందేల్లో పాల్గొనబోమని తీర్మానం చేసుకుంది. చాటుమాటుగా పని సాగుతూనే ఉంది. 1962లో రెండవ హెన్రీ ఫోర్డు ఆ తీర్మానం తమకిక వర్తించదని బాహాటంగా చెప్పేశారు. జనరల్ మోటార్స్ దీనికి విరుద్ధంగా 1963 జనవరిలో తన విభాగాలన్నిటినీ పందేల నుంచి తప్పుకోమని ఆజ్ఞాపించింది. అప్పటికే పాంటియాక్ వారు బరువు తగ్గించడం కోసం చట్రానికి వరుసగా బెజ్జాలు కొట్టిన కెటలీనాలు 14 తయారుచేసి ఉన్నారు. అమెరికన్లు వాటిని 'స్విస్ చీజ్' అన్నారు. మన వాళ్ళయితే జల్లెడ అని ఉండేవారు. షెవ్రొలే వారి జడ్-11 ఇంపాలా 57 దగ్గర ఆగిపోయింది.

మాకు ఎక్కువ ముచ్చటైనది ఫోర్డు వారి 1964 థండర్‌బోల్ట్. ఫెయిర్‌లేన్ అనే మధ్యరకం సంసారపు కారులో 427 ఘనపుటంగుళాల పెద్ద ఇంజను ఇరికించడం ఆలోచన. అది సులభంగా పట్టదు. డియర్‌బార్న్ స్టీల్ ట్యూబింగ్ అనే బయటి సంస్థకు ఫోర్డు ఆ పని అప్పగించింది. సుమారు వంద బండ్లు చేశారు. ముందు రెక్కలు, బానెట్ ఫైబర్‌గ్లాసువి. కిటికీలకు గాజు బదులు ప్లాస్టిక్ పలక. రేడియో లేదు, హీటరు లేదు, తివాచీ లేదు, చేతి ఆనుళ్ళు లేవు, పక్క సీటు వారికి ఎండతెర లేదు, స్టెప్నీ లేదు, జాకీ కూడా లేదు. లోపలి రెండు హెడ్‌లైట్లు తీసేసి ఆ కన్నాల్లోంచి ఇంజనుకు గాలి గొట్టాలు వేశారు. బ్యాటరీని వెనక్కి డిక్కీలోకి పంపి వెనుక చక్రాల మీద బరువు పెంచారు. ఇంత చేసి లోపల ఒక రేకు తగిలించారు: ఇది పోటీ కోసం తేలిక వస్తువులతో కట్టిన బండి, మామూలు కారులో ఉండే పొందిక ఇందులో ఆశించవద్దని దాని సారాంశం. కొనేవాడికి ఇంత నిజాయితీగా చెప్పిన కంపెనీ ప్రకటన మేమింకొకటి చూడలేదు.

క్రైస్లర్ వారికి 1964లో 426 హెమీ ఇంజను చేతికి వచ్చింది. దహన గది అర్ధగోళంగా ఉంటుంది గనుక ఆ పేరు. ఆ కంపెనీ ఇంజనీర్లే కొందరు రామ్‌చార్జర్స్ అనే జట్టు కట్టి తీరిక వేళల్లో పందేలాడేవారు. 1965లో క్రైస్లర్ వారు ఇంకో అడుగు వేసి వెనుక ఇరుసును 15 అంగుళాలు, ముందు ఇరుసును 10 అంగుళాలు ముందుకు జరిపిన బండ్లు కొన్ని చేశారు. బరువంతా వెనుక టైర్ల మీద పడి, బయలుదేరేటప్పుడు నేలను గట్టిగా పట్టుకుంటాయి. బాడీ రేకులను ఆమ్లంలో ముంచి పలచన చేశారు. చూడడానికి చక్రాలు ఎవరో తప్పుగా బిగించినట్టు వింతగా ఉండేవి. 'ఫన్నీ కార్' అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఇవి స్టాకు బండ్లంటే ఎవరు ఒప్పుకుంటారు? నేషనల్ హాట్ రాడ్ వారు ఒప్పుకోలేదు.

ఇక్కడొక వినోదం. బండి బరువును కంపెనీ ప్రకటించిన హార్స్‌పవర్‌తో భాగించి తరగతి నిర్ణయించేవారు. అందుచేత శక్తి తక్కువ చెప్పుకోవడమే లాభం. హెమీ 425 అన్నారు. అసలు బలం అంతకు చాలా ఎక్కువని తెలియని వారు లేరు. రోజుకెన్ని సిగరెట్లని అడిగితే రోగి చెప్పే అంకె లాంటిదిది. మేము దాన్ని రెట్టింపు వేసుకుంటాం.

షెవ్రొలే వారి దొంగదారి మరీ గడుసుది. చిన్న కార్లలో 400 ఘనపుటంగుళాలు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ నిషేధం. కాని టాక్సీలకూ పోలీసు బండ్లకూ ప్రత్యేక సరంజామా తెప్పించుకోవడానికి 'సెంట్రల్ ఆఫీస్ ప్రొడక్షన్ ఆర్డర్' అనే ఒక ఫారం ఉండేది. షెవ్రొలేలో విన్స్ పిగిన్స్, ఇలినాయ్ రాష్ట్రం లాహార్ప్ అనే చిన్న ఊళ్ళో డీలరు ఫ్రెడ్ గిబ్ కలిసి 1969లో ఆ ఫారం మీదనే పూర్తి అల్యూమినియం 427 ఇంజనుతో కమారోలు తెప్పించారు. పోటీకి యాభై కావాలి గనుక గిబ్ యాభైకీ ఆర్డరు పెట్టారు. మామూలు కమారో మూడు వేల డాలర్లలోపు వచ్చే రోజుల్లో ఇవి ఏడు వేల రెండు వందలు దాటాయి. ఇంజను వెలే నాలుగు వేల పైచిలుకు. చిన్న ఊరి డీలరు గుండె ఎంత కొట్టుకుని ఉంటుందో మేము ఊహించగలం. చాలా బండ్లు వెనక్కి తిప్పి పంపవలసి వచ్చింది. మొత్తం చేసినవి 69. మిగిలిపోయిన కొన్నిటిలోంచి ఇంజను పీకేసి మామూలుది పెట్టి అమ్మారట. 2012లో షెవ్రొలే పందేనికి మళ్ళీ కమారోలు చేసినప్పుడు లెక్కగా 69 చేయడం ఆ జ్ఞాపకార్థమే.

ఆ కమారో నంబరు పలకలో ఎనిమిది సిలిండర్లని మాత్రం ఉంటుంది. ఏ ఇంజనుతో పుట్టిందో ఉండదు. నకళ్ళు తయారుచేసేవారికి అదే పండగ.

పెద్దాయన డార్ట్ ఈ విషయంలో అదృష్టవంతురాలు. 1968లో క్రైస్లర్ డార్ట్‌లూ బారకూడాలూ కలిపి ఇంచుమించు 150 బండ్లను డిట్రాయిట్ దగ్గర హర్స్ట్ సంస్థకు పంపి హెమీ ఇంజన్లు పెట్టించింది. ఎవరి రంగు వారే వేసుకుంటారని బాడీని బూడిదరంగు ప్రైమరుతోనే వదిలేశారు. కిటికీ అద్దం పైకెత్తడానికి తిప్పే పిడి లేదు, పటకా లాగాలి. వారంటీ లేదు. ఈ డార్టుల నంబరు 'ఎల్‌ఓ23ఎం'తో మొదలవుతుంది. 'ఎం' అంటే ప్రత్యేకంగా తెప్పించిన ఇంజను. తర్వాత 8 అంటే సంవత్సరం, 'బి' అంటే హామ్‌ట్రామ్క్ కర్మాగారం. మన ఎస్సెస్సీ సర్టిఫికెట్టులో రెండు పుట్టుమచ్చలు వ్రాసేవారు, జ్ఞాపకముందా? అలాగన్నమాట.

టార్చిలైటుతో అద్దం దగ్గర చూశాం. ఆ అక్షరాలు ఉన్నాయి. రేకుల మీద మరుగున కొట్టిన అంకెలూ దాంతో సరిపోయాయి. ఆపైన శరీర పరీక్ష. వెనుక చక్రాల పైనున్న రేకు వెడల్పు టైర్ల కోసం కోసి ఉంది. ఇంజను వెడల్పుకు చోటివ్వడానికి కుడివైపు షాక్ అబ్జార్బరు గోపురం వంచి ఉంది. పని నాజూకుగా లేదు, తొందరలో చేసినట్టే ఉంది. మాకు ఎక్కువ నమ్మకం కలిగించింది ఆ మోటుతనమే. నకలు చేసేవాడు ఇంత అందవికారంగా చేయడానికి సాహసించడు.

ఇంజను మాట? మొదటిది రెండవ ఏటనే పందెంలో పగిలిపోయింది. పెద్దాయన పాత నోటుబుక్కులో తేదీతో సహా ఉంది. తలుపు 1971లో గోడకు తగిలి వంగింది. పందేనికి పుట్టిన బండి నిజంగా పందెమాడితే జరిగేవే ఇవి. పుట్టిన రేకులు పుట్టిన ఇంజనుతో చెక్కుచెదరకుండా దొరికిన బండి చాలావరకు గరాజులో కూర్చున్న బండి. వేలంపాటల్లో వెలలు దానికే. ఉన్న మచ్చలన్నీ గీకి, వెల్డింగు గుర్తులు మాయంచేసి కొత్తదానిలా చేయడాన్ని ఇక్కడ పునరుద్ధరణ అంటున్నారు. కడుపు మీద ఆపరేషను గీత చెరిపేస్తే తర్వాత వచ్చే డాక్టరు అపెండిక్సు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మేము ఒక కాగితం మీద కేసు షీటు వ్రాసి ఇచ్చాం. పుట్టిన చోటు, సంవత్సరం, పుట్టుమచ్చలు, తగిలిన దెబ్బలు, మార్చిన అవయవాలు, మార్చిన తేదీలు, ఏదీ దాచకుండా. పెద్దాయన దాని నకలు బేరగాడికి పంపారు. జవాబు ఇంకా రాలేదు.

కాగితం గోడకు గుచ్చుతూండగా ఆయన మమ్మల్ని గరాజు మూలకు పిలిచారు. టార్పాలిను వెనుక ఆ వంగిన తలుపు ఉంది, ఇన్నాళ్ళూ పారేయకుండా దాచారు. ఎత్తి చూడమన్నారు. ఒక్క చేత్తో వచ్చింది.