నీళ్ళు లాగాయా?

వాన వెలిసిన మర్నాడు మా కోనసీమలో ఇద్దరు ఎదురుపడితే మొదటి మాట "నీళ్ళు లాగాయేంటండీ?" అనే. "ఆయ్, ఇంకా మోకాల్లోతుందండి" అనో, "పొద్దున్నకి గట్లు తేలాయండి" అనో జవాబు వస్తుంది. ఏ నీళ్ళో, ఎక్కడి నీళ్ళో విడమరిచి చెప్పక్కర్లేదు. అరవై ఏళ్ళుగా పి.గన్నవరం పక్కనే ఉంటున్నాను. ఈ ప్రశ్న వినని వానాకాలం ఒక్కటీ గుర్తులేదు. మా ఊళ్ళ చరిత్ర రాయమంటే నాకు రాజుల పేర్లకంటే ముందు ఈ ప్రశ్నే తడుతుంది.

బయటినుంచి వచ్చేవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. వాళ్ళు దిండిలో దిగి, వశిష్ఠ మీద హౌస్‌బోటు ఎక్కి, ఇటు కొబ్బరి తోపులూ అటు ఎర్రనీరూ చూసి "అచ్చం కేరళలా ఉందండీ" అంటారు. తల ఊపుతాను, అతిథులు కదా. నిజానికి కేరళవాళ్ళవి సముద్రానికి అడ్డంగా ఇసుకమేట పడి నిలిచిన కాయళ్ళు, మావి పరుగెత్తే ఏటిపాయలు. పైగా ఇన్ని కొబ్బరిచెట్ల మధ్య పుట్టి కూడా కొబ్బరినూనెతో కూర వండితే ముట్టం. అది తలకే.

ధవళేశ్వరం దాటాక గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. గన్నవరం దగ్గర వశిష్ఠలోంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు వైపు పోతుంది. ఈ పాయలూ బంగాళాఖాతమూ చుట్టుముట్టిన నేలే కోనసీమ. ఏరు తెచ్చి పోసిన ఒండ్రు తప్ప మా కాళ్ళకింద కొండా లేదు, బండా లేదు. ఇల్లు కట్టాలంటే రాయి బయటినుంచి రావాలి. సప్తర్షుల పేర్లతో ఏడు పాయలని పెద్దలు చెప్పేవారు. వాటిలో కౌశిక ఇప్పుడు డ్రెయిన్ల లెక్కలో ఉంది. ఋషి పేరుతో మురుగుకాలవ! ఈ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

కాలవలు రాకముందు కూడా ఇక్కడ జనం ఉన్నారు. మామిడికుదురు దగ్గర ఆదుర్రులో, వైనతేయ ఒడ్డున, బౌద్ధ స్తూపం ఆనవాళ్ళు బయటపడ్డాయి. సముద్రంమీద తిరిగే వర్తకులకి ఏటి మొగల దగ్గర ఆగడం అలవాటు, భిక్షువులు వాళ్ళ వెంట వచ్చి ఉంటారు. గౌతమికి అవతల ద్రాక్షారామంలో చాళుక్యుల గుడి గోడలనిండా శాసనాలే. అల్లవరం దగ్గరి బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళకి బట్టల వ్యాపారపు కోఠీ ఉండేది. 1757లో బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచివాళ్ళు దాన్ని పట్టుకున్నారు. ఇప్పుడు అక్కడికి వెళ్ళి అడిగితే వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు నవ్వుతారు. ఒండ్రు పేరుకునే చోట రేవులకి ఆయుష్షు తక్కువ.

ఆ రోజుల్లో ఏడాదిలో సగం వరద, సగం కరువు. 1830లలో వచ్చిన నందన కరువు గోదావరి జిల్లాని పీల్చి పిప్పిచేసింది. పక్కన అంత నది పెట్టుకుని జనం ఆకలితో పోయారు. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ఆనకట్టనించి మూడు డెల్టాలకి నీళ్ళు వెళ్తాయి. మాది మధ్య డెల్టా, బొబ్బర్లంక దగ్గర తలుపులెత్తితే మా కాలవలు నిండుతాయి. ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంది, దండలు పడుతూనే ఉంటాయి. వేస్తే తప్పులేదు.

నాకు మాత్రం ఆనకట్టకంటే మా గన్నవరం ఆక్విడెక్టే గొప్పగా కనిపిస్తుంది. వైనతేయకి అవతల ఉన్న నగరం దీవికి, అంటే నేటి రాజోలు, మామిడికుదురు ప్రాంతానికి, కాలవ దాటాలి. మధ్యలో ఏరు అడ్డం. హేగ్ అనే యువ ఇంజనీరు ఏటిమీద 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున కట్టి, వాటిమీదుగా కాలవనే నడిపించాడు. కింద ఏరు, పైన కాలవ. చిన్నప్పుడు ఆ గోడమీద కూచుని, కిందనించి పోయే నావ ముందు దాటుతుందా, పైనించి వచ్చే పడవ ముందు దాటుతుందా అని పందేలు కాసేవాళ్ళం. 2000లో పక్కన కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళకి దణ్ణం. లంకల గన్నవరంలో ఆవిడ (1841-1909) రేవు దాటి వచ్చినవాళ్ళకి వేళ చూడకుండా వండి వడ్డించింది. అన్నదానం అనే మాట అందరూ అంటారు గానీ, ఆ రోజుల్లో పడవ తప్పిపోతే మర్నాటిదాకా ఏటి ఒడ్డున పస్తుండాల్సిందే. సీతమ్మగారి పొయ్యి ఆరకపోవడానికి ఆ రేవూ ఒక కారణం.

కాలవ వచ్చింది సరే, వచ్చిన నీళ్ళు పోవాలి కదా. మొదట కాలవలు తవ్వినంత శ్రద్ధగా మురుగుకాలవలు తవ్వలేదు. తవ్వినవాటిలో తర్వాత పూడిక చేరింది, గుర్రపుడెక్క అల్లుకుంది, గట్లమీద ఇళ్ళు వచ్చాయి. సముద్రమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉన్న పొలానికి నీళ్ళు పారే వాలే తక్కువ. పైనించి వానలు, ఎదురుగా సముద్రపు పోటు. అక్టోబరులో సార్వా చేను పాలు పోసుకునే వేళకి నాలుగు రోజులు ముంపులో ఉంటే, ఇక కోతకి వెళ్ళక్కర్లేదు. కూలీలు దొరక్క, ధర గిట్టక, ముంపు తీరక 2011లో మా రైతులు సార్వాకి నాగలి కట్టేది లేదని పంట విరామం ప్రకటించారు. కాలవల నిండా నీళ్ళున్న దేశంలో రైతు పొలం బీడుపెట్టాడంటే ఢిల్లీ దాకా ఆశ్చర్యపోయారు. కమిటీ వచ్చింది, కాగితాలు వచ్చాయి. డ్రెయిన్లలో గుర్రపుడెక్క మాత్రం ఎప్పటిలాగే పూలు పూస్తోంది. ఊదారంగు పూలు, చూడ్డానికి బాగుంటాయి. యాత్రికులు ఫొటోలు కూడా తీసుకుంటారు.

వాతావరణం గురించి పుస్తకాల్లో ఉష్ణ తేమ ప్రాంతం అని రాస్తారు. నిజమే, మేలో చొక్కా ఆరదు, ఉప్పు డబ్బాలో కరిగిపోతుంది, సాయంత్రానికి సముద్రపు గాలి తగిలితే ప్రాణం లేచొస్తుంది. మా లెక్క ఇంకొకటి: శ్రావణంలో ఏరు భయం, కార్తీకం ముందూ వెనకా సముద్రం భయం. మిగిలిన రోజులు మావి.

ఏరు భయం ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో వాన పడితే మొదలవుతుంది. ఇక్కడ ఎండ కాస్తూ ఉంటుంది, ఏరు మాత్రం ఎర్రబడుతుంది. భద్రాచలం దగ్గర ఎంత ఉందో రేడియోలో విని, ఎన్నో గంటకి మనకి చేరుతుందో మా నాన్న వేళ్ళమీద లెక్క చెప్పేవాడు. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగాయి. గేదెల తాళ్ళు కోసి వదిలేశాం, అవే ఈదుకుంటూ ఏ దిబ్బకో చేరాయి. 2022 జులైలో మళ్ళీ 25 లక్షలు పైచిలుకు వచ్చింది. బూరుగులంక, ఉడిముడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక జనానికైతే లెక్కలతో పనిలేదు. ఏటా వరదకి వాళ్ళ దారిగట్టు కొట్టుకుపోతుంది, నెలలకొద్దీ పడవే దిక్కు. బడికెళ్ళే పిల్లలు పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని పడవెక్కుతారు. ఆ ఎర్రనీటికి ఎదురీదుతూనే సముద్రంనించి ఇలస చేప గోదాట్లోకి వచ్చి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా తినాలంటారు. నా అభిప్రాయం అడిగితే, ఇప్పటి ధరకి పుస్తెలు చాలవు.

సముద్రం భయానికి నా దగ్గర ఒకే తేదీ ఉంది, 1996 నవంబరు 6. అంతకుముందు ఏడాదే పాశర్లపూడిలో గ్యాసు బావి అంటుకుని, జనవరి 8 నించి రెండు నెలలకి పైగా మండింది. రాత్రిళ్ళు మా పెరట్లో నీడలు పడేవి. ఇంతకంటే ఏం చూస్తాం అనుకున్నాం. మరుసటి ఏడు దీపావళి దగ్గరపడింది, పిల్లలు మతాబులు ఎండబెట్టుకుంటున్నారు. సాయంత్రానికి గాలి మొదలైంది. మా మామ్మ గడప దగ్గర కూచుని ఒక్కో చెట్టు పడే చప్పుడు లెక్కపెట్టింది. నలభై దాటాక మానేసింది. తెల్లారేసరికి తోటలో ఆకాశం కనిపించింది. కోనసీమలో పుట్టినవాళ్ళకి తోటలో ఆకాశం కనిపించడం అంటే ఏమిటో తెలుసు. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకెళ్ళిన పడవలు ఎన్నో తిరిగిరాలేదు. ఆ తుఫానులో పోయినవాళ్ళు వెయ్యిమంది పైనే.

కొబ్బరి మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్ళు. అంటే మళ్ళీ నిలబడేసరికి పిల్లలు పెళ్ళీడుకి వచ్చారు. ఈలోగా నల్లి వచ్చింది, కాయ మీద మచ్చలు పడి చిక్కిపోయింది. తర్వాత తెల్లదోమ. అయినా అంబాజీపేట మార్కెట్టు కళ తగ్గలేదు. దింపు కార్మికులు ఎక్కి దింపిన కాయని పచ్చికాయగా అమ్మితే ఒక ధర. ఓపికున్నవాడు అటకెక్కిస్తాడు. నెలలు గడిచి, లోపలి నీరు పూర్తిగా ఇంకి, గుండు చిప్పనించి విడివడితే అది కురిడీ. ఊపి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, గండేరా, గటగటా అని వేరుచేసి, వెయ్యికింతని ధర కడతారు. డొక్క పీచు మిల్లుకి, ఈనె చీపురుకి, మట్ట పొయ్యిలోకి.

ఈమధ్య కేశనపల్లి వైపు వెళ్తే చెట్లు మొవ్వు రాలి మోడుల్లా నిలబడి ఉన్నాయి. శంకరగుప్తం డ్రెయిను నీళ్ళని సముద్రంలోకి తీసుకెళ్ళాలి. ఇప్పుడు పోటు వేళ సముద్రమే ఆ దారిన పైకి వస్తోంది. ఉప్పునీరు వేళ్ళకి తగిలి తోటలు తోటలే చచ్చిపోయాయి. నీళ్ళు పోయే దారిని పట్టించుకోకపోతే అదే నీళ్ళు వచ్చే దారి అవుతుందని అక్కడి రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా జిల్లా వచ్చింది. మే నెలలో అంబేద్కర్ పేరు చేర్చాలన్నప్పుడు, 24న అమలాపురంలో ఇళ్ళకి నిప్పుపెట్టారు. దళిత ఉద్యమ నేత బొజ్జా తారకం పుట్టిన కందికుప్ప ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆ సాయంత్రం పొగ గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. పేరు నిలిచింది, అంతవరకు నయం. రైలు మాత్రం ఇంకా రాలేదు. కాకినాడనించి కోటిపల్లికి ఉన్న పట్టాలు యుద్ధకాలంలో ఊడదీసి, 2004లో మళ్ళీ వేశారు. ఏరు ఇవతలికి వంతెన స్తంభాలు లేచాయి. మా మనవడికి కోటిపల్లి రేవులో పంటు ఎక్కితేనే ఆనందం, మోటారుసైకిళ్ళూ మేకలూ పెళ్ళివారూ అందరూ ఒకే బల్లమీద.

చూడదగినవి ఏమిటని అడుగుతారు. ర్యాలిలో ఒకే రాతిలో ముందు విష్ణువు, వెనక మోహిని. వెనక్కి వెళ్ళి జడ చూడటం మరిచిపోవద్దు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండమీద తడిగుడ్డ లాగి పూతరేకు తీసే ఆడవాళ్ళ చెయ్యి చూడండి, 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది ఆ చేతికే. మురమళ్ళలో వీరేశ్వరుడికి రోజూ కళ్యాణమే. అంతర్వేదిలో 1823 నాటి నరసింహస్వామి గుడి, దాన్ని కట్టించడంలో పెద్దచెయ్యి బెండమూర్లంకకి చెందిన కొపనాతి కృష్ణమ్మది. గుడినించి అన్నాచెల్లెళ్ళ గట్టుకి నడిస్తే వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. ఎర్రనీరు ఎంతదూరం ఎర్రగానే పోతుందో వరద రోజుల్లో చూడాలి.

ఒక్కరోజే రాగలిగితే కనుమనాడు రండి. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు, జనం భుజాలకెత్తుకున్న ఎత్తైన ప్రభలమీద వస్తారు. తోటలో గుడి లేదు, కొబ్బరిచెట్లే. 2023 గణతంత్ర దినాన ఢిల్లీలో మన శకటం ఇదే, కానీ అక్కడ ప్రభ చక్రాలమీద పోయింది. ఇక్కడ గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు రోడ్డు వదిలి దాళ్వా నాట్లు వేసిన చేలలోకి దిగుతాయి. తర్వాత ఎగువ కౌశికలోకి. అవును, ఆ మురుగుకాలవలోకే. పీకల్లోతు నీళ్ళలో అంతెత్తు ప్రభ ఒక పక్కకి వాలుతుంటే గట్టుమీద జనం ఊపిరి బిగబట్టి, అది నిలదొక్కుకోగానే "హరహరా" అని ఒక్కసారి గోల. పొలం తొక్కుతారే అని ఏ రైతూ అనడు, తొక్కిన మడి ఎక్కువ పండుతుందని నమ్మకం.

పోయినేడు ప్రభలు దాటిపోయాక, బాణాసంచా పొగ ఇంకా తగ్గకముందే, ఆ చేను ఆసామి పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు. జనం కాళ్ళకింద తూము మూసుకుపోయింది. వంగి చేత్తో మట్టి తోడుతూ, గట్టుమీద నన్ను చూసి అడిగాడు:

"అటేపు నీళ్ళు లాగుతున్నాయేంటండీ?"