మణుగూరులో తొలి కారు కొంటున్నారా.. స్టిక్కర్ ధర ఒక్కటే చూస్తే దెబ్బే! రోజువారీ వాడకానికి చిన్న కారు ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి

మణుగూరు: దసరా వచ్చిందంటే బొగ్గు గనుల ఊళ్లలో రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి లాభాల వాటా, రెండోది ఆ డబ్బుతో ఏం కొనాలన్నది. 2024-25 ఏడాదికి సింగరేణి లాభాల్లో 34 శాతం కార్మికులకు ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.95 లక్షల రూపాయలు. కాంట్రాక్టు కార్మికులకు 5,500 రూపాయలు. అదే నెల 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ కూడా తగ్గింది. దాంతో ఇన్నాళ్లూ బైకు మీదే బండి లాగించిన కుటుంబాలు కూడా షోరూం వైపు చూస్తున్నాయి.

చేతిలో రెండు లక్షలు, మిగతాది లోను. లెక్క సులువుగానే కనిపిస్తుంది. కానీ తొందరపడి తప్పు బండి తీసుకుంటే ఐదేళ్లు, ఏడేళ్లు జీతంలోంచి కట్టాల్సిందే. పైగా హైదరాబాద్‌లో నడిచే కారు వేరు, ఓపెన్‌కాస్ట్ పక్కన నడిచే కారు వేరు. అందుకే కొనే ముందు ఏమేం చూడాలో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

పన్ను ఎంత తగ్గింది?

4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లపై ఇంతకుముందు 28 శాతం జీఎస్టీ, దానిపై 1 శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు రెండూ కలిపి 18 శాతమే. డీజిల్ అయితే 1500 సీసీ వరకు ఇదే రేటు. సీఎన్‌జీ, ఎల్పీజీ కార్లకు పెట్రోల్ కార్ల నిబంధనే.

తగ్గింపు తర్వాత 2025 సెప్టెంబరులో కంపెనీలు ప్రకటించిన ప్రారంభ ఎక్స్‌షోరూం ధరలు సుమారుగా ఇలా ఉన్నాయి.

- మారుతి ఎస్‌ప్రెస్సో: 3.50 లక్షలు
- మారుతి ఆల్టో కె10: 3.70 లక్షలు
- రెనో క్విడ్: 4.30 లక్షలు
- టాటా టియాగో: 4.57 లక్షలు
- మారుతి సెలెరియో: 4.70 లక్షలు
- మారుతి వ్యాగన్ ఆర్: 4.99 లక్షలు

ఇవన్నీ కింది వేరియంట్ల ధరలు. ప్రకటనలో కనిపించే అంకె చూసి మురిసిపోవద్దు. ఏసీ, పవర్ స్టీరింగ్, సెంట్రల్ లాకింగ్, వెనక పవర్ విండోలు ఏ వేరియంట్ నుంచి మొదలవుతాయో అడిగి కాగితం మీద రాయించుకోవాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఏసీ లేని కారు ఎంత చవకగా వచ్చినా దండగే.

చేతికొచ్చేసరికి ఎంతవుతుంది?

తెలంగాణలో 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే 14 శాతం లైఫ్ టాక్స్ కట్టాలి. ఇప్పటికే మీ పేరు మీద ఒక కారు ఉంటే పన్ను ఇంకాస్త పెరుగుతుంది. అంటే 4 లక్షల కారుకు లైఫ్ టాక్సే 52 వేలు.

దీనికి ఇన్సూరెన్స్ కలపండి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 1000 సీసీ లోపు కారుకు అది 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ మధ్య అయితే 10,640 రూపాయలు. సొంత బండికి జరిగే డ్యామేజీ బీమా వేరు. రిజిస్ట్రేషన్ ఫీజు, ఫాస్టాగ్ అన్నీ కలిపితే 4 లక్షల కారు రోడ్డెక్కేసరికి 4.75 నుంచి 4.85 లక్షల వరకు అవుతుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. బిల్లులో ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ అని వేస్తే ఎందుకని నిలదీయండి. మ్యాట్లు, సీటు కవర్లు, కోటింగ్ కలిపి అంటగట్టే ప్యాకేజీ తీసుకోవాలన్న రూలేమీ లేదు. ఇన్సూరెన్స్ కూడా షోరూంలోనే చేయించాలని లేదు. బయట రెండు కంపెనీల కొటేషన్లు తెచ్చుకుని చూపిస్తే అక్కడా తగ్గిస్తారు.

లోను ఐదేళ్లా.. ఏడేళ్లా?

బోనస్‌లోంచి లక్ష డౌన్ పేమెంట్ కట్టి 4 లక్షల లోను తీసుకున్నారనుకుందాం. వడ్డీ 9.5 శాతం లెక్కన..

- ఐదేళ్లకు: నెలకు దాదాపు 8,400 రూపాయల ఈఎంఐ. మొత్తం వడ్డీ సుమారు 1.04 లక్షలు.
- ఏడేళ్లకు: నెలకు దాదాపు 6,540 రూపాయల ఈఎంఐ. మొత్తం వడ్డీ సుమారు 1.49 లక్షలు.

నెలకు 1,860 రూపాయలు తగ్గుతున్నాయని ఏడేళ్లు పెట్టుకుంటే చివరికి 45 వేలు ఎక్కువ కడతారు. పైగా చిన్న కారు ఏడో ఏడాదికి సగం ధర కూడా పలకకపోవచ్చు. కుదిరితే బోనస్‌లో ఎక్కువ భాగం ముందే కట్టేసి లోను తగ్గించుకోవడమే మేలు.

పెట్రోల్ ఖర్చు మర్చిపోవద్దు. నెలకు 600 కిలోమీటర్లు తిరిగి, ఊళ్లో లీటరుకు 16 కిలోమీటర్లు వస్తే, లీటరు 110 రూపాయల లెక్కన 4,100 రూపాయల పైమాటే. ఈఎంఐ, పెట్రోల్, సర్వీసు, ఏటా బీమా.. అన్నీ కలిపితే నెలకు 14 వేల దాకా వెళ్తుంది. ఇంటి ఖర్చులు పోను ఆ మాత్రం మిగులుతుందో లేదో ముందే లెక్క వేసుకోవాలి. బోనస్ ఏడాదికోసారి వస్తుంది, ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తుంది.

బొగ్గు దుమ్ముతో పని

మణుగూరులో ఓపెన్‌కాస్టులు, పక్కనే 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గు, బూడిద లారీల రాకపోకలకు రోడ్ల మీద దుమ్ము లేవడం మామూలే. ఇది కారు మీద మూడు చోట్ల పడుతుంది.

మొదటిది ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్. సర్వీసు పుస్తకంలో రాసిన గడువు మామూలు రోడ్లకు. దుమ్ము ప్రాంతాలకు ఆ గడువు ఇంకా తక్కువని అదే పుస్తకంలో వేరుగా రాసి ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పడిపోతుంది, పికప్ చచ్చిపోతుంది. ఇంజిన్ ఆయిల్ కూడా సమయానికి మార్చాల్సిందే.

రెండోది ఏసీ. కారులో క్యాబిన్ ఫిల్టర్ ఉందో లేదో కొనేటప్పుడే అడగాలి. లారీ వెనక వెళ్తున్నప్పుడు బయటి గాలి లోపలికి రాకుండా రీసర్క్యులేషన్ బటన్ నొక్కుకోవాలి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఇది చిన్న విషయం కాదు.

మూడోది అద్దాలు, పెయింటు. వానాకాలంలో లారీ చక్రాల నుంచి నల్లటి బురద వచ్చి అద్దం మీద పడితే రెండు సెకన్లు ఏమీ కనిపించదు. వాషర్ నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. వెనక వైపర్ ఉన్న వేరియంట్‌కు కొంచెం ఎక్కువైనా పెట్టొచ్చు. పొడి గుడ్డతో బొగ్గు దుమ్ము తుడిస్తే పెయింటు మీద గీతలు పడతాయి. ముందు నీళ్లు కొట్టి, తర్వాతే తుడవాలి. ఎండకు నలుపు రంగు కారు బాగా వేడెక్కుతుంది. దుమ్ముకు తెలుపు మాసిపోతుంది. సిల్వర్, బూడిద రంగులు రెండింటికీ మధ్యస్థం.

ఎవరికి ఏ కారు?

ఇద్దరు ముగ్గురే ఉండి, పీవీ కాలనీ నుంచి బజారుకు, డ్యూటీకి తిరగడానికైతే ఆల్టో కె10 చాలు. పొడవు 3.53 మీటర్లే కాబట్టి ఇరుకు సందుల్లో తిప్పడం, పార్కింగ్ సులువు. 998 సీసీ ఇంజిన్ బండి బరువుకు సరిపోతుంది. డిక్కీ 214 లీటర్లే. నలుగురు సామాన్లతో ఊరికి పోతే ఇబ్బంది.

ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లుంటే వ్యాగన్ ఆర్ చూడండి. సీటు ఎత్తుగా ఉంటుంది, వంగకుండా ఎక్కి దిగొచ్చు. డిక్కీ 341 లీటర్లు. సెలెరియో మైలేజీలో ముందుంటుంది, డిక్కీ 313 లీటర్లు.

పినపాక, కరకగూడెం వైపు పల్లెలకు, గుంతల రోడ్లకు తరచూ వెళ్లేవాళ్లు గ్రౌండ్ క్లియరెన్స్ చూడాలి. క్విడ్‌కు 184 మిల్లీమీటర్లు, ఎస్‌ప్రెస్సోకు 180, టియాగోకు 170. ఐదుగురు ఎక్కితే ఏ బండైనా కిందికి దిగుతుంది. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకుండా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, మీరు రోజూ వెళ్లే రోడ్డు మీదే నడిపి చూడండి.

భద్రాచలం, కొత్తగూడెం తరచూ వెళ్లేవాళ్లకు 1.2 లీటర్ ఇంజిన్ నయం. సింగిల్ రోడ్డు మీద బొగ్గు లారీని దాటాలంటే పికప్ కావాలి. టియాగో, వ్యాగన్ ఆర్ 1.2, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్ ఈ కోవలోవి.

భద్రత సంగతి

2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో టియాగోకు 4 స్టార్లు వచ్చాయి. 2023లో పరీక్షించిన ఆల్టో కె10కు 2, వ్యాగన్ ఆర్‌కు 1 స్టారే వచ్చాయి. అప్పుడు వాటిలో రెండే ఎయిర్‌బ్యాగులు. 2025 నుంచి మారుతి ఆల్టో కె10, సెలెరియో, వ్యాగన్ ఆర్‌లలో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తోంది. అయితే ఎయిర్‌బ్యాగుల సంఖ్య వేరు, బాడీ గట్టిదనం వేరు. బెల్టు పెట్టుకోకపోతే ఎయిర్‌బ్యాగ్ వల్ల కూడా దెబ్బ తగులుతుంది. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. చిన్నపిల్లలను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు.

సీఎన్‌జీ, కరెంటు కార్ల మాటేంటి?

సీఎన్‌జీ కిలోకు 30 కిలోమీటర్లు దాటుతుందని చెబుతారు. నిజమే, కానీ మీరు రోజూ వెళ్లే దారిలో పంపు ఉంటేనే లాభం. గ్యాస్ కోసం అటూ ఇటూ పోయొస్తే మిగిలేదేమీ ఉండదు. డిక్కీలో చోటూ తగ్గుతుంది.

కరెంటు కార్లకు తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయింపు ఉంది. టియాగో ఈవీ, ఎంజీ కామెట్ లాంటివి ఊళ్లో తిరగడానికి బాగుంటాయి. కానీ కొనే ధర ఎక్కువ. ఇంటి ముందే బండి పెట్టుకుని 15 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ఉంటేనే ఆలోచించాలి. పై అంతస్తు క్వార్టర్లో ఉండేవాళ్లు కిందికి వైరు లాగి చార్జింగ్ పెట్టడం ప్రమాదం.

సెకండ్ హ్యాండ్ అయితే మరింత జాగ్రత్త

2 నుంచి 3 లక్షల్లో పాత కారు తీసుకునేవారూ ఎక్కువే. 2024 సెప్టెంబరు తొలినాళ్లలో మున్నేరు వరదకు ఖమ్మంలో, బుడమేరు వరదకు విజయవాడలో చాలా వాహనాలు నీట మునిగాయి. అలాంటి బండ్లు కడిగి, తుడిచి చుట్టుపక్కల సంతకొస్తాయి. కాబట్టి ఇవి తప్పక చూడాలి.

- సీటు బెల్టు చివరి వరకు లాగి చూడండి. లోపలి భాగంలో బురద మరక ఉంటే నీళ్లలో ఉన్నట్టే.
- సీట్ల కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంతలో మట్టి ఉందేమో చూడండి.
- అద్దాలు మూసి పది నిమిషాలు కూర్చోండి. ముక్కిన వాసన వస్తే వదిలేయండి.
- ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనరు పేరు, ఫైనాన్స్, బీమా చూడండి. పెండింగ్ చలాన్లు కూడా తెలుసుకోండి.
- లోను తీరిపోతే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. పేరు మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.
- ఏపీ నంబరు బండి చవకగా వచ్చిందని తీసుకుంటే, అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 ఎన్‌వోసీ తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కలిపాకే బేరం చేయండి.

2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లయితే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు సరిపోతాయో లేదో ఓనర్ మాన్యువల్‌లో చూడాలి. రబ్బరు పైపులు, సీళ్లు మెకానిక్‌తో చూపించుకోవాలి.

చివరగా.. మూడు ప్రశ్నలు

ఏ కారు నచ్చినా సంతకం పెట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. సర్వీసు సెంటర్ ఎంత దూరం, బండి అక్కడ వదిలితే డ్యూటీకి ఎలా వెళ్తారు? బంపర్, హెడ్‌లైట్, క్లచ్ లాంటి సామాన్ల ధర ఎంత, ఎన్ని రోజుల్లో వస్తాయి? బోనస్ తగ్గిన ఏడాది కూడా ఈఎంఐ కట్టగలరా? మూడింటికీ సరైన జవాబు దొరికితేనే అడ్వాన్స్ ఇవ్వండి. లేదంటే మరో షోరూం చూడండి, కాకుంటే మరో దసరా దాకా ఆగండి.