కొల్లేటి అంచు

కృష్ణా గోదావరి నదులు వేల ఏళ్లపాటు మోసుకొచ్చిన ఒండ్రుతో సముద్రాన్ని వెనక్కి నెట్టి రెండు డెల్టాలను నిర్మించుకొన్న క్రమంలో, ఆ రెంటి నడుమ పూడకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. ఒకప్పుడు అది తీరాన్ని ఆనుకొని ఉన్న ఉప్పునీటి కయ్య అనీ, డెల్టాలు ముందుకు పెరిగిన కొద్దీ తీరం దూరమై క్రమంగా మంచినీటి సరస్సుగా మారిందనీ భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. కైకలూరు ప్రాంతంలో కనిపించే ఇసుక దిబ్బల వరుసలను వారు ఆ పాత తీరరేఖకు ఆనవాళ్లుగా గుర్తించారు. నేడు సముద్రం అక్కడికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్నా సరస్సు అడుగు మాత్రం సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉండటంవల్ల, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు, పదుల సంఖ్యలో ఉన్న మురుగుకాల్వలు తెచ్చిపోసే నీరంతా ఉప్పుటేరు అనే ఒకే ఒక్క మార్గం గుండా, అతి స్వల్పమైన వాలుతో, నెమ్మదిగా బంగాళాఖాతానికి చేరవలసి ఉంటుంది.

ఈ నెమ్మదితనమే కొల్లేటి స్వభావాన్ని నిర్ణయించింది. వర్షాకాలంలో వచ్చే నీరు పోయే నీటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి సరస్సు పొలాల మీదికి, ఊళ్ల అంచులదాకా పరుచుకొంటుంది. శీతాకాలం నుంచి తగ్గుతూ వచ్చి వేసవి నాటికి నడిమి మడుగులకు పరిమితమవుతుంది. అందువల్ల కొల్లేటి విస్తీర్ణం ఎంత అన్న ప్రశ్నకు ఏ ఎత్తు దగ్గర అని తిరిగి అడగవలసిందే. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న స్థలాలన్నింటినీ కలుపుతూ గీసే ఊహారేఖను కాంటూరు అంటారు. సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తున గీసిన ప్లస్ 10 కాంటూరు వరకు నీరు నిండితే కొల్లేరు సుమారు 901 చదరపు కిలోమీటర్లు. ప్లస్ 5 కాంటూరు వరకు లెక్కిస్తే 308 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న నేల కొన్ని నెలలు నీరు, కొన్ని నెలలు నేల. పక్షులకు అన్నిటికంటే విలువైనది ఈ కదిలే అంచే. మోకాటి లోతు దాటని బురదలో పురుగులను ఏరుకొనే ఉల్లంకులకు, నత్తగుల్లలను వెతుక్కొనే నత్తగుల్ల కొంగలకు, తుంగ కిక్కిసల మధ్య దాగే నామాలకోళ్లకు, నాచు మేసే పరజలకు, లోతైన మడుగుల్లో చేపలు పట్టే గూడబాతులకు, నీటికాకులకు వేర్వేరు లోతులు కావాలి. నీరు రోజురోజుకూ జరిగే సరస్సు ఆ లోతులన్నింటినీ ఒకేసారి, ఒకదాని పక్కన ఒకటిగా అందిస్తుంది. ఎప్పుడూ ఒకే మట్టాన నిండి ఉండే చెరువుకు ఆ శక్తి లేదు. కొల్లేటి చరిత్రను ఈ అంచు చరిత్రగా చదివితే తప్ప, అక్కడి పక్షులకు ఏమి జరిగిందో అర్థం కాదు.

సరస్సు చరిత్రలోకి యుద్ధంతో ప్రవేశించింది. శకవర్షం 556, అంటే క్రీ.శ. 634–35 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి అనే కవి, తన ప్రభువైన రెండో పులకేశి పిష్టపురాన్ని, అంటే నేటి పిఠాపురాన్ని, గెలిచిన వృత్తాంతం వెంటనే కునాల జలాలు రక్తంతో ఎరుపెక్కిన యుద్ధాన్ని వర్ణించాడు. ఆ కునాలం కొల్లేరే అని చరిత్రకారులు గుర్తించారు. ఆ విజయం తరువాతనే పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్యవంశం తెలుగునేలపై మొదలైంది. వారి రాజధానిగా వెలసిన వేంగి, అంటే నేటి పెదవేగి, ఏలూరుకు ఉత్తరాన, కొల్లేటికి ఎంతో దూరం లేని మెరకమీద ఉంది. తరువాతి శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్ని పాలించిన స్థానిక ప్రభువులు తమ రాజ్యకేంద్రమైన కొలను పేరుతోనే కొలని వారుగా ప్రసిద్ధులయ్యారు. చోళ రాకుమారుడుగా వేంగిలో ఉన్న కాలంలో విక్రమచోళుడు కొలని భీముణ్ణి ఓడించినట్లు అతని శాసనాలు చెప్పుకొన్నాయి. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని పక్షాన ఇందులూరి సోమమంత్రి ఈ రాజ్యాన్ని జయించాడు. చుట్టూ నీరు, రెల్లు, దారి తెలియని బురద ఉన్న చోటు ఆనాటి సైన్యాలకు దుర్గమం కాబట్టే చిన్న రాజ్యమైనా అంతకాలం నిలదొక్కుకొందని భావించడానికి అవకాశముంది.

ఆ దుర్గమత్వాన్ని ఛేదించడానికి చేసిన ప్రయత్నమే కొల్లేటికోట ఐతిహ్యానికి మూలం. గజపతుల సేనాని సరస్సు మధ్య లంకలో కోట కట్టుకొని ఉండగా, ముట్టడించిన ముస్లిం సైన్యం చిగురుకోట దగ్గర విడిసి, నీటిని సముద్రంలోకి తోడివేయడానికి ఉప్పుటేరును తవ్వించిందని, ఆ ఆపదనుంచి గట్టెక్కడానికి సేనాని తన కూతురినే దేవతకు బలి ఇచ్చాడని, ఆమె పేరనే పేరంటాలకనుమ అనే కాలువ ఏర్పడిందని స్థానికులు చెప్పుకొనే కథను పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిషు అధికారులు నమోదు చేశారు. ఉప్పుటేరు నిజంగా తవ్విన కాలువా, సహజమైన ఏరా అన్నది ఈ కథతో తేలదు. అయితే సరస్సును జయించాలంటే ముందు దాని నీటిని ఖాళీ చేయాలన్న ఆలోచన ఎంత పాతదో మాత్రం ఈ కథ చెబుతుంది. కొల్లేటి ప్రధాన మత్స్యకార సమూహమైన వడ్డీలు తమ పూర్వికులు ఆ గజపతి సైన్యంతో వచ్చి లంకల్లో స్థిరపడ్డవారని చెప్పుకొంటారు. కోట శిథిలమై పోయినా కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ ఆలయం నిలిచింది. ఫాల్గుణ మాసంలో జరిగే ఆమె జాతరకు, రోడ్డు పడకముందు, భక్తులు పడవలమీదనే వచ్చేవారు.

లంక అంటే నీటి మధ్య తేలిన మెరక. కొల్లేటి లంకల జీవనం సరస్సు ఎక్కినప్పుడు ఒక రీతిగా, దిగినప్పుడు మరో రీతిగా సాగేది. వానాకాలంలో తాటిబోదెను తొలిచి చేసిన దోనెలే వీధులు; వెదురుపుల్లలతో అల్లిన మావులు, వలలు పెట్టి కొర్రమీను, ఇంగిలాయి, జెల్ల, మట్టగిడస పట్టేవారు. నీరు తీసిన నేలలో ఎరువు అక్కరలేకుండా వరి పండేది, తక్కిన చోట పశువులు మేసేవి, కిక్కిస గడ్డి ఇంటికప్పులకు అందేది. ఈ జీవనాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం సరికాదు: ముంపు ఏటా వచ్చేది, వైద్యం దూరం, తాగే నీటికి సైతం ఇబ్బంది. అయినా ఆ ఆర్థికవ్యవస్థకు ఒక ముఖ్య గుణం ఉంది. అది నీటి రాకపోకలను అడ్డుకోకుండా వాటి మీదనే ఆధారపడింది, కాబట్టి మనిషికి ఉపయోగపడిన అంచు పక్షికీ ఉపయోగపడింది. అక్కినేని కుటుంబరావు తన ‘కొల్లేటి జాడలు’ నవలలో నమోదు చేసినది ఈ ప్రపంచాన్నే.

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో సరస్సు ఎగువ ప్రాంతమంతా మారిపోయింది. ఆర్థర్ కాటన్ నాయకత్వంలో కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, విజయవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తికావడంతో రెండు డెల్టాల్లో కాలువల సేద్యం విస్తరించి కరవు తగ్గింది. ఆ కాలువలు పారించిన మిగులు నీరు మాత్రం ఎక్కడికో పోవాలి. పల్లం కాబట్టి అది కొల్లేటికే చేరింది. అప్పటివరకు వానను బట్టి నడిచిన సరస్సు ఇకపై డెల్టా మురుగుకు తొట్టిగా కూడా పనిచేయవలసి వచ్చింది. ఇక్కడ మురుగు అంటే పొలాల నుంచి దిగే అదనపు నీరు అనే అర్థం. దానికి తరువాతి కాలంలో ఎరువులు, పురుగుమందులు, పట్టణాల మలినాలు, పరిశ్రమల వ్యర్థాలు తోడయ్యాయి. 1964 వరదల తరువాత డెల్టా మురుగు సమస్యను పరిశీలించిన మిత్రా కమిటీ వంటి సంఘాలు కొల్లేటిని ప్రధానంగా వరద నియంత్రణ దృష్టితోనే చూశాయి.

పక్షుల వైపు నుంచి తొలి శాస్త్రీయమైన చూపు ఒక మలయాళీ అధ్యాపకుడిది. ఇందుచూడన్ అనే కలంపేరుతో తరువాత కేరళ పక్షుల గ్రంథం రాసిన కె.కె. నీలకంఠన్, 1946లో పశ్చిమ గోదావరి ప్రాంతంలో దాదాపు మూడు వేల గూడబాతులు గూళ్లు కట్టుకొన్న స్థావరాన్ని గుర్తించి, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో దాని వివరాలు ప్రచురించారు. గూడబాతు చేపలు పట్టేది సరస్సులో, గూడు కట్టేది చెట్టు మీద. తరచు ఆ చెట్టు ఊరి మధ్యలోనే ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలోనే జెర్డన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు కర్నాటిక్ ప్రాంతపు ఒక గ్రామంలో మనుషులను లెక్కచేయకుండా చెట్ల మీద తరతరాలుగా కాపురముంటున్న ఈ పక్షులను గురించి రాశాడు. నీలకంఠన్ చూసిన స్థావరం 1970ల నడిమికి కనుమరుగైంది. దీనికి చేపల చెరువులే కారణమని సులభంగా చెప్పుకొంటారు గాని, చెరువుల విజృంభణ ఆ తరువాతిది కాబట్టి కాలక్రమం ఆ వాదాన్ని బలపరచదు. పక్షి తినే చోటును కాపాడితే చాలదని, అది పొదిగే చెట్టునూ ఆ చెట్టున్న ఊరి ఓర్పునూ కాపాడుకోవాలని ఈ అదృశ్యం తెలిపింది.

1970ల మధ్యలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ప్రభుత్వం కొల్లేటి పేదలకు, ముఖ్యంగా మత్స్యకారులకు, సహకార సంఘాల ద్వారా సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వించింది. ఏటా ముంపుతో పంట పోగొట్టుకొనే కుటుంబాలకు స్థిరమైన ఆదాయం చూపాలన్న ఆ ఉద్దేశం న్యాయమైనదే. ఫలితం మాత్రం వేరుగా వచ్చింది. బొచ్చె, శీలావతి చేపలకు దూరప్రాంతాల మార్కెట్లు దొరికిన తరువాత పెట్టుబడి ఉన్నవారు సంఘాల చెరువులను లీజుకు తీసుకొన్నారు, వాటి పక్కన కొత్తవి తవ్వారు, హక్కుదారులైన మత్స్యకారులు అనేకచోట్ల ఆ గట్లమీదనే కూలీలుగా, కాపలాదారులుగా మిగిలారు. 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాలను పరిశీలించినప్పుడు, 245 చదరపు కిలోమీటర్లుగా లెక్కించిన సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువుల కింద, మరో 8.5 శాతం సేద్యం కింద ఉన్నట్లు, చెరువుల సంఖ్య వెయ్యి దాటినట్లు తేలింది.

ఈ అంకెలకంటే గట్ల పనితీరు ముఖ్యం. చేపల చెరువు చుట్టూ ఎత్తైన గట్టు ఉంటుంది, లోపల నీరు ఒకే లోతున నిలబడుతుంది, తుంగను కిక్కిసను పెరగనివ్వరు, తవుడు చెక్క వంటి మేతలతో, ఎరువులతో చిక్కబడ్డ నీటిని చివరికి సరస్సులోకే వదులుతారు. వందల గట్లు అడ్డం పడితే పైనుంచి వచ్చే వరద ఉప్పుటేరు దాకా చేరడానికి దారి వెతుక్కొంటుంది. చేరేలోగా తెచ్చిన ఒండ్రును అక్కడే దింపుతుంది. మిగిలిన ఖాళీలను గుర్రపుడెక్క కప్పేస్తుంది. సరస్సులో నీరు లేకుండా పోలేదు. కదిలే అంచు పోయింది.

ప్రభుత్వం 1999 అక్టోబరులో ప్లస్ 5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో, అంటే 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ నగరంలో కుదిరిన ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రాముఖ్యం కలవిగా గుర్తించే చిత్తడి నేలల జాబితాలో, 90,100 హెక్టార్లతో చేరింది. రామ్‌సర్ గుర్తించినది ప్లస్ 10 దాకా విస్తరించే కొల్లేటిని కాగా, అభయారణ్య చట్టం కాపాడేది అందులో మూడో వంతును మాత్రమే అన్న తేడాను చాలామంది గమనించరు. న్యాయస్థానాల ఆదేశాల తరువాత 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అభయారణ్యంలోని చెరువుల గట్లను వేల ఎకరాల్లో ధ్వంసం చేశారు. చట్టం దృష్టిలో అది అనివార్యమే అయినా, పట్టా ఉన్న జిరాయితీ రైతు, సంఘం సభ్యుడైన మత్స్యకారుడు, అక్రమంగా తవ్విన పెట్టుబడిదారు అందరూ ఒకే వేటుకు గురికావడం, నష్టపరిహారం, ప్రత్యామ్నాయ ఉపాధి సరిగా అందకపోవడం సరస్సుపట్ల స్థానికుల్లో మిగిల్చిన చేదు నేటికీ పోలేదు. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని ప్లస్ 3 కాంటూరుకు కుదించాలని తీర్మానించగా, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. చెరువులు మాత్రం అనేకచోట్ల తిరిగి వెలిశాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు ఆ ఏటి చివర ఉన్న కొల్లేటి పేరు మళ్లీ వినిపించింది. ఆ ముంపుకు ఎగువన వేరే కారణాలు ఉన్నా, ఏటి నీటిని చివరికి దింపుకోవలసిన పల్లం గట్లతో నిండి ఉండటం వరదను పోనివ్వదన్నది కాదనలేని సంగతి.

ఇక నేడు కొల్లేటికి వచ్చే యాత్రికుడు చూసేది ఎక్కువగా కైకలూరు దగ్గరి ఆటపాక కేంద్రాన్ని. అక్కడ గట్లమధ్య నిలిపిన నీటిలో అటవీశాఖ అమర్చిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి గుడ్లు పొదుగుతాయి. పడవలో దగ్గరికి వెళ్లి చూడవచ్చు. వెళ్లిపోయిన గూడబాతు మళ్లీ కొల్లేటిలో గుడ్లు పెట్టి పొదగడం అభినందించదగ్గ విజయమే. అయితే తెలుగునేల మీది తక్కిన పక్షి స్థావరాలతో పోల్చితే దీని పరిమితి తెలుస్తుంది. నెల్లూరు దిక్కున నేలపట్టులో గూడబాతులు చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. 1976లో అభయారణ్యమైన ఆ చెరువుకూ దాని పొరుగున ఉన్న పులికాట్ సరస్సుకూ పేరు తెచ్చేందుకు 2001 నుంచి సూళ్లూరుపేట కేంద్రంగా ఫ్లెమింగో ఉత్సవం జరుపుతున్నారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరివారే పక్షులకు కాపలా. ఆటపాకలో పక్షికి గూడుచోటు దొరికింది గాని, దాని మేత మాత్రం చుట్టూ ఉన్న సరస్సు ఆరోగ్యం మీదనే ఆధారపడి ఉంది, ఆ మేత కోసం అది పక్కనున్న చేపల చెరువులకు పోతే కాపలావారు అదిలిస్తారు.

పర్యాటకం కొల్లేటిని నిలబెడుతుందని ఆశించేవారు ముందుగా చేయవలసిన పనులు ఎప్పటినుంచో తెలిసినవే: ప్లస్ 5 సరిహద్దును కాగితం మీద కాక నేలమీద రాళ్లతో గుర్తించడం, ఉప్పుటేరులో పూడిక తీయడం, జిరాయితీ రైతులకు న్యాయమైన పరిహారం ఇచ్చి గట్లను తొలగించడం, లంకల మత్స్యకారులకు వలల వేటపై, యాత్రికుల పడవలపై తొలి హక్కు ఇవ్వడం. ఇవి చేయకుండా ఇనుప స్టాండ్ల సంఖ్య పెంచుకొంటూ పోతే ఆటపాక మిగులుతుంది, కొల్లేరు మిగలదు.