అలబామా ఓటు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆగ్నేయ భాగమందలి అలబామాలో స్థిరపడి వైద్యవృత్తితో పొట్టపోసుకొనుచున్న నాకు, నాలుగేండ్లకొకమారు అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడెల్ల, కారంచేడునుండియు చీరాలనుండియు బంధువులు ఫోను చేసి అడుగు ప్రశ్న ఒక్కటే: “మీ రాష్ట్రంవాళ్ళకి రెండో గుర్తు కనపడదా ఏంట్రా?” ప్రశ్న న్యాయమైనదే. 1976లో జిమ్మీ కార్టరును గెలిపించిన పిదప ఈ రాష్ట్రము అధ్యక్షపదవికి డెమొక్రాటు నెవ్వనిని కోరలేదు. 2024లో నూటికి సుమారు 65 ఓట్లు రిపబ్లికను అభ్యర్థి ట్రంపునకే పడినవి. పల్లెటూరి ఛాందసులు, చర్చి భక్తులు, తుపాకి ప్రియులు, వారంతే అని తేల్చివేయుట సులభము. అయితే ఈ భక్తుల తాతలును ముత్తాతలును, ఇంతే ఛాందసులై, ఇంతే మొండితనముతో, నూరేండ్లపాటు ఒక్క డెమొక్రాటిక్ పార్టీకే ఓటు వేసిరనియు, రిపబ్లికను అని చెప్పుకొన్నవానికి ఊరిలో పిల్లనిచ్చుటకు సైతము సందేహించు కాలముండెననియు తెలిసినపిదప ఆ సమాధానము చాలదు.

ఈ కథను నేలనుండి మొదలుపెట్టవలెను. రాష్ట్రము నడుమ తూర్పు పడమరలుగా ఒక నల్లరేగడి పట్టె సాగియున్నది. దీనిని బ్లాక్ బెల్టు అందురు. క్రిటేషియస్ యుగమున ఇచ్చట నిలిచిన సముద్రపు టడుగున సున్నపు పొరలు పేరుకొని సుద్దరాయి యయ్యెననియు, దానిమీద ఈ మట్టి ఏర్పడెననియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వాన కురిసిన మరునాడు చేనిలో నాలుగడుగులు వేసినచో చెప్పులకు పిడచలుగా అంటుకొని, ఎండలు ముదిరినపుడు చేయి దూరునంత నెర్రెలు విచ్చు ఈ మట్టికిని పర్చూరు దారిలోని మన పొలముల మట్టికిని తోబుట్టువుల పోలిక కలదు. పత్తి పంటకు పెట్టినది పేరు. పత్తి తీయుటకు చేతులు కావలెను గనుక, 1861 నాటికి ఈ పట్టెలోని కౌంటీలలో (కౌంటీ అనగా దాదాపుగా మన పాత తాలూకా) తెల్లవారికంటె బానిసలైన నల్లవారే అధికముగా నుండిరి. ఉత్తరపు కొండలలో మొక్కజొన్న పండించుకొని బ్రతుకు పేద తెల్లవానికి బానిసలును లేరు, బానిసలకొరకు ప్రాణమిచ్చు కోరికయు లేదు. అందుచేతనే ఆ యేడు అలబామా దేశమునుండి విడిపోదలచినపుడు విన్‌స్టన్ కౌంటీ ఎదురు తిరిగెను, తక్కిన రాష్ట్రమంతయు డెమొక్రాట్ల పరమైన రోజులలోను చాలవరకు రిపబ్లికనుగానే నిలిచెను. నేడు ఎన్నికల ఫలితముల పటము చూచినచో, డెమొక్రాట్లకు ఓటువేయు కౌంటీలు చాలవరకు ఆ నల్లరేగడి పట్టె వెంబడినే వరుసగా కానవచ్చును. ఆ బానిసల మునిమనుమలు అక్కడనే ఉన్నారు.

బానిసల సంకెళ్ళు తెంచిన లింకను రిపబ్లికను. ఆ విడిపోవుటవలన వచ్చిన అంతర్యుద్ధములో ఓడి, ఇండ్లు తగులబడి, ఉత్తరాది సైన్యముల పహరాలో బ్రతుకవలసివచ్చిన దక్షిణపు తెల్లవారికి ఆ పార్టీ శత్రువుల పార్టీ యయ్యెను. 1870లో ఓటుహక్కు పొందిన నల్లవారికి విమోచకుల పార్టీ యయ్యెను. 1877లో సైన్యములు వైదొలగినపిదప తెల్లవారు తమ రాజ్యమును తాము తిరిగి కట్టుకొనిరి. 1901లో అలబామా వ్రాసికొనిన రాజ్యాంగము ఆ కట్టడమునకు పైకప్పు. ఓటుపన్ను, చదువు పరీక్ష, ఆస్తి నియమము అను మూడు జల్లెడలతో వడగట్టగా, ఓటు వయస్సు వచ్చిన నల్ల పురుషులు 1,80,000కు పైగా ఉండిన రాష్ట్రములో కొలది యేండ్లకు జాబితాకెక్కినవారు సుమారు 3,000 మంది మాత్రమే. పన్ను కట్టలేని పేద తెల్లవారును వేలకొలది ఓటు పోగొట్టుకొనిరి. దీనిని వారి వారసులకు ఎవరును అంతగా చెప్పరు. ఇట్లు ఎదుటిపక్షము లేని ఏకపార్టీ రాజ్యము అరువదేండ్లకు పైగా సాగెను.

మొదట చర్చి భక్తుల మాట వచ్చినది గనుక, ఒంగోలు, బాపట్ల ప్రాంతములవారికి ఆసక్తి కలిగింపగల విషయ మొకటి చెప్పవలెను. 1844లో అలబామా బాప్టిస్టులు, బానిసలుగల క్రైస్తవుని మిషనరీగా పంపుదురా పంపరా యని తమ మిషను సంఘమును నిలదీసిరి; పంపమని జవాబు రాగా, మరుసటి యేడు దక్షిణాదివారు వేరుపడి సదరన్ బాప్టిస్టు సంఘమును స్థాపించిరి. వేరుపడగా మిగిలిన ఉత్తరాది శాఖయే నెల్లూరు, ఒంగోలు మిషనులను నడపినది. ధాత కరవులో బకింగుహాము కాలువ త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని మాదిగలకు కూలి చూపిన క్లౌ దొరగారు, 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మ మిప్పించిన క్లౌ దొరగారు, ఆ శాఖవారే. అనగా, కారంచేడు మాదిగపల్లెలోని ప్రార్థనకును, అలబామాలో తెల్లవారు మాత్రమే కూర్చుండిన చర్చి బల్లకును మూలము ఒక్కటియే. నడుమ అడ్డము వచ్చినది బానిసత్వము.

డెమొక్రాట్ల కోటకు తొలి బీట 1948లో పడినది. డెమొక్రాటు అధ్యక్షుడైన ట్రూమను నల్లవారి పౌరహక్కులకు పూనుకొనగా, దక్షిణాదివారు అలిగి థర్మండును అధ్యక్షపదవికి వేరుగా నిలబెట్టి, అలబామాతో కలిపి నాలుగు రాష్ట్రములలో గెలిపించిరి. పిదప జార్జి వాలెసు వచ్చెను. ఇతడు 1958లో గవర్నరు పదవికి పోటీచేసినపుడు మితవాది. నల్లవారి సంఘమైన ఎన్.ఏ.ఏ.సి.పి. సైతము అతనినే బలపరచెను. తెల్లవారి దౌర్జన్య సంఘమైన కూక్లక్సు క్లాను మద్దతు పొందిన ప్రత్యర్థిచేత ఓడిపోయెను. నాలుగేండ్ల పిమ్మట వర్ణవిభజన పక్షమున నిలిచి గెలిచి, అదే నోటితో అది శాశ్వతమని గర్జించి, 1963 జూన్ 11న నల్ల విద్యార్థులు చేరరాదని విశ్వవిద్యాలయపు ద్వారమున తానే అడ్డముగా నిలిచెను. నాయకుడు ప్రజలను చెరిచెనని అనువారికి నేనీ 1958ని జ్ఞాపకము చేయుచుందును. వాలెసు తన సరకును బజారునకు తగినట్లు మార్చుకొనెను.

1964 జూలైలో డెమొక్రాటైన జాన్సను పౌరహక్కుల చట్టముపై సంతకము చేసెను. రిపబ్లికను గోల్డ్‌వాటరు సెనేటులో దానికి ప్రతికూలముగా ఓటువేసియుండెను. నవంబరు ఎన్నికలలో అలబామా బ్యాలెట్టుపై జాన్సను పేరే లేదు. గోల్డ్‌వాటరునకు నూటికి సుమారు 70 ఓట్లు వచ్చినవి. దేశమంతట చిత్తుగా ఓడిన ఆయన, స్వరాష్ట్రమైన అరిజోనా గాక, గెలిచినవి దక్షిణపు లోతట్టు రాష్ట్రములైదే. నల్లవారు లింకను పార్టీని పూర్తిగా వదలిరి. తెల్లవారు లింకను పార్టీలో చేరిరి. పార్టీలు రెండును చోట్లు మార్చుకొనినవి. ఓటరు మాత్రము తన వారెవరో వారి ప్రక్కనే నిలిచెను.

అయితే ఇదంతయు ఒక్క రాత్రిలో జరుగలేదు. అధ్యక్షపదవికి ఒక పార్టీకి వేసి, షెరీఫు పదవికి తండ్రి నాటి పార్టీకే వేయు అలవాటు దీర్ఘకాలము సాగెను. రిపబ్లికను గవర్నరు ఎన్నికగుట 1986లో గాని, సెనేటరు షెల్బీ పార్టీ మారుట 1994లో గాని, శాసనసభ చేజారుట 2010లో గాని జరుగలేదు. నడుమ వర్ణముతోపాటు వేరు కారణములును చేరినవి: బర్మింగుహాము శివార్లలో పెరిగిన మధ్యతరగతి, ఆదాయపు పన్నుపై విసుగు, నల్ల తెల్ల పిల్లల పాఠశాలలు కలిపినందున వెలసిన ప్రైవేటు బడులు, చర్చి. గర్భస్రావమే అన్నింటికి మూలమని చెప్పువారు, 1971లో సదరన్ బాప్టిస్టు మహాసభయే కొన్ని పరిస్థితులలో దానికి చట్టపు టనుమతి ఉండవలెనని తీర్మానించిన సంగతి మరతురు. తల్లివేరు వర్ణమే యని నా నిశ్చయము. వర్ణమొక్కటియే అని మాత్రము అనను. పేదలకు ఆరోగ్యబీమా విస్తరింప కేంద్రము డబ్బిచ్చెదనన్నను ఈ రాష్ట్రము నేటికిని పుచ్చుకొనలేదు. ఆ బీమా లేక మందుబిళ్ళను రెండు ముక్కలు చేసి రెండు రోజులకు సరిపెట్టుకొను తెల్లరైతు, ఆ నిరాకరించినవారికే ఓటువేసి వచ్చి నా యెదుట చొక్కాచేయి మడచును. అతడు తెలివితక్కువవాడు కాడు. ఆ డబ్బు “వాళ్ళకు” పోవునని అతని నమ్మకము.

మనము నవ్వుటకు ముందు మన యూరిని చూచుకొనవలెను. మన ప్రాంతపు భూస్వామ్య కుటుంబములనుండియే కాంగ్రెసువారు, 1952లో ఆంధ్రప్రాంతమున 41 స్థానములు గెలిచిన కమ్యూనిస్టులకు నాయకులు, రైతునాయకుడైన రంగాగారి వెంట స్వతంత్ర పార్టీలోనికి నడచినవారు, ఒక్క పంక్తినుండి లేచివచ్చిరి. అన్నదమ్ములు మూడు జెండాలు పట్టుట వింత కాలేదు. 1982లో తెలుగుదేశము పుట్టినపిదప ఒక కులమువారి ఓటు చాలవరకు ఒక గూటికి చేరినది. 1985 జూలై 17న కారంచేడులో, ఆ కులపువారు మంచినీటి చెరువును పాడుచేయుచున్నారని ఒక మాదిగ స్త్రీ అడ్డుకొనిన మరునాడు, వారి చేతిలో ఆరుగురు మాదిగలు హతులై, తక్కినవారు చీరాల చర్చి ఆవరణకు పరుగెత్తినపుడు, ఆ ఊరు నాటి ముఖ్యమంత్రి వియ్యాలవారి ఊరు. ఆ వియ్యాలవారింటి దంపతులే పిమ్మట కాంగ్రెసు, వైఎస్సార్ కాంగ్రెసు, భారతీయ జనతాపార్టీ జెండాలను చూచిరి; ఊరిలో సామాన్యుని కులపు ఓటు అంత సులభముగా కదలలేదు.

మరి ఆంధ్రములో ప్రభుత్వములు 1983, 1989, 1994, 2004, 2014, 2019, 2024లలో అటునిటు మారుచుండగా అలబామా ఏల కదలదు? లెక్క వేరు. మనకడ ఏ కులమును సగము కాదు. ఎంత బలిసినవాడైనను గెలువవలెనన్నచో నలుగురి గడప తొక్కవలెను, ఆ నలుగురిలో ఇద్దరు అలిగిన ప్రభుత్వము పడిపోవును. ఇచ్చట తెల్లవారు జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు, నల్లవారు నాలుగవ వంతుకు కొంచెము పైన. అందరును తమవారితో నిలిచినచో ఫలితము ఎన్నికకు ముందే తెలియును, ఓడువారిని బుజ్జగింప నవసరమును ఉండదు.

ఇక మనవారి సంగతి. ఓటుహక్కుకై నడచిన నల్లవారి రక్తము సెల్మా వంతెనపై చిందిన 1965లోనే, ఆగస్టులో ఓటుహక్కుల చట్టముపై సంతకము చేసిన జాన్సనే అక్టోబరులో వలసచట్టముపైనను సంతకము చేసెను. ఆ రెండవ తలుపునుండియే గుంటూరు వైద్యకళాశాలవారము మేము ఈ పల్లెలకు వచ్చితిమి. నేను తీసికొనిన పాత వైద్యశాలకు వీధివైపున ఒకటి, ప్రక్కసందున ఒకటి, రెండు వాకిళ్ళుండెను. రెండు వేచియుండు గదుల నడుమ గోడ. గోడ కొట్టించిన యేడాదికిని ముదుసలి రోగులు కొందరు అలవాటుగా సందువాకిటనే వచ్చుచుండిరి. ఇప్పుడు తెలుగు ఇండ్లలో పన్ను లెక్కలు చూచుకొను తండ్రి ఒక పార్టీకి, ఇచ్చట పుట్టిన కుమార్తె రెండవదానికి వేయుట సాధారణము. ఇక అలబామా ఓటునకు తిరిగివచ్చినచో, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు, నల్లవారి ఓటు చెల్లుబాటగు మరియొక నియోజకవర్గమునకు దారి తీయు తీర్పు నిచ్చినది. శాసనసభ మొరాయింపగా న్యాయస్థానమే పటము గీయించినది. 2024లో మాంట్గొమరీ నగరముతో కూడిన ఆ స్థానమునుండి నల్లవాడైన షొమారి ఫిగర్సు కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. రాష్ట్ర ప్రభుత్వము ఆ పటముపై కోర్టుల చుట్టు తిరుగుట మాత్రము మానలేదు.