రెండేసి ప్రశ్నలతో పువ్వు పేరు

గట్టు మీద మొలిచిన మొక్క పేరు తెలియాలంటే తరతరాలుగా ఒకటే దారి: తెలిసినవాళ్లను అడగడం. అమ్మమ్మో, పసరు వైద్యుడో, గొర్రెల కాపరో వేలు పెట్టి చూపించాలి. చూపించే మనిషి పోతే పేరూ పోయేది. పక్కన ఎవరూ లేకపోయినా ఆకునూ పువ్వునూ పరిశీలించి, పుస్తకం తిరగేసి, మొక్క పేరు దగ్గరికి చేరుకునే పద్ధతి చిక్కడానికి దాదాపు రెండు వేల ఏళ్లు పట్టింది. వృక్షశాస్త్రం చదివేవాళ్లు దాన్ని ‘కీ’ అంటారు. కీకి ప్రాణం మొక్కను ఉన్నదున్నట్టు వర్ణించడం. ఆ వర్ణన విద్య చరిత్రలో మన సామర్లకోటకూ చోటుంది.

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దపు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ మొక్కలను చెట్లు, పొదలు, చిన్న మొక్కలుగా విడదీసి వేళ్ల తేడాలూ ఆకుల తేడాలూ రాసిపెట్టాడు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో డయాస్కోరిడీస్ రాసిన మందు మొక్కల గ్రంథాన్ని ఐరోపా వైద్యులు పదిహేను వందల ఏళ్ల పాటు నమ్ముకున్నారు. అయితే అందులోని వర్ణనలు క్లుప్తం. మొక్కను ముందే ఎరిగినవాళ్లకే అవి అర్థమయ్యేవి. బొమ్మలు వేస్తే సరిపోతుందా అంటే అదీ కుదరలేదు. బొమ్మను చూసి బొమ్మ గీసేకొద్దీ రూపం చెడిపోతుందనీ, రుతువు రుతువుకూ మారే మొక్కను ఒక్క బొమ్మ పట్టివ్వలేదనీ రోమన్ రచయిత ప్లినీ ఆ శతాబ్దంలోనే చెప్పాడు.

పదహారో శతాబ్దంలో పరిస్థితి మారింది. ఇటలీలో లూకా గీనీ మొక్కలను కాగితాల మధ్య అదిమి ఎండబెట్టి భద్రపరిచే అలవాటును తన శిష్యులకు నేర్పాడు. నేటి హెర్బేరియాలకు అదే మొదలు. జర్మనీలో ఫుక్స్ 1542లో బతికున్న మొక్కలను ఎదురుగా పెట్టుకుని గీయించిన ఐదు వందలకు పైగా బొమ్మలను అచ్చు వేయించాడు. చెక్క అచ్చు వచ్చాక ప్రతి పుస్తకంలోనూ అదే బొమ్మ. ప్లినీ బాధ సగం తీరింది.

మిగిలిన సగం మాటలది. ‘ఆకు కాస్త గుండ్రంగా ఉంటుంది’ అంటే ఎంత గుండ్రంగా? అంచు నున్ననా, రంపపు పళ్లలా ఉంటుందా? జర్మనీలో యుంగియస్, ఇంగ్లండులో జాన్ రే, ఫ్రాన్సులో టూర్నఫోర్ పదిహేడో శతాబ్దమంతా ఈ మాటలకు హద్దులు గీశారు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1751లో ఆ పదజాలాన్ని ఒక కట్టుబాటులోకి తెచ్చి, 1753లో ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు స్థిరపరిచాడు. ముఖ్యంగా కేసరాలను లెక్కపెట్టి మొక్కలన్నిటినీ 24 తరగతుల్లో సర్దాడు. అప్పటి నుంచి లెక్కపెట్టడం వచ్చిన ప్రతివాడికీ పువ్వు కొంత తెరుచుకుంది.

అసలు మలుపు 1778 నాటి ఫ్రాన్సుది. సైన్యంలో పనిచేసి వచ్చిన లామార్క్ ఆ దేశపు మొక్కల మీద మూడు సంపుటాలు రాశాడు. మొక్కల చుట్టరికాలు తేల్చడం ఒక పని, చేతిలో ఉన్న మొక్క పేరు కనుక్కోవడం వేరే పని అని అతను గ్రహించాడు. రెండో పనికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ఒకదానికొకటి సరిగ్గా ఎదురైన రెండు లక్షణాలు చూపించి ‘నీ మొక్క ఇందులో ఏది?’ అని అడిగితే చాలు. జవాబు ప్రకారం మరో జంట, ఆపైన మరో జంట. కూడలి కూడలి దగ్గరా ఒక దారి ఎంచుకుంటూ పోతే ఊరు వచ్చినట్టు చివరికి పేరు వస్తుంది. ఆ పుస్తకమే అతణ్ణి మరుసటి ఏడాది ఫ్రెంచి విజ్ఞాన అకాడమీలోకి చేర్చింది.

మన పొలిమేరల్లోని నాలుగు మొక్కలకు అలాంటి కీ ఇలా ఉంటుంది:

1. కణుపు దగ్గర ఆకులు ఎదురెదురుగా జతగా ఉంటే 2కి వెళ్లండి. కణుపుకు ఒక్క ఆకే ఉంటే 3కి వెళ్లండి.
2. కాండం నలుపలకలుగా, తెల్లని పూలు రెండు పెదవుల్లా విడివడి ఉంటే తుమ్మి. ఆకు తుంచితే పాలు కారితే జిల్లేడు.
3. ఆకు చిన్న చిన్న పత్రకాల జతలుగా చీలి ఉంటే తంగేడు. చీలని ఆకు హృదయాకారంలో ఉండి, కేసరాలన్నీ కలిసి గొట్టంలా ఉంటే తుత్తురబెండ.

చివరి రెండింటివీ ఐదు రేకుల పసుపు పూలే. రంగు చూసి ఆగిపోతే రెండూ ఒకటిగానే తోస్తాయి. మంచి కీ రంగును, ఎత్తును, వాసనను వీలైనంత వరకు నమ్మదు. నేల మారినా వాన తగ్గినా తేలిగ్గా మారని లక్షణాలను వెతుకుతుంది. ఆకుల అమరిక, కేసరాలు విడిగా ఉన్నాయా కలిశాయా, అండాశయంలో ఎన్ని గదులు, కాయ ఎలా పగులుతుంది అని అడుగుతుంది.

లినేయస్ విద్య మన తీరానికి అతని శిష్యుడి ద్వారానే వచ్చింది. 1768లో తరంగంబాడి డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చిన కోనిగ్, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. అతని స్నేహితుడు, స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ అప్పటికే సామర్లకోటలో ఉండి ఈ ప్రాంతపు మొక్కలను సేకరిస్తున్నాడు. కాండం, ఆకులు, పూలు, కాయలు అంటూ ఒక క్రమంలో ప్రతి మొక్కనూ వర్ణించి, తెలుగు పేరును పక్కనే రాసుకున్నాడు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. 1787 తుపానులో అతని కాగితాలు, పుస్తకాలు కొట్టుకుపోయాయి. అయినా మళ్లీ మొదలుపెట్టాడు. 1795లో లండన్‌లో వెలువడటం మొదలైన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ మూడు సంపుటాల్లో 300 చిత్రాలతో పూర్తయింది. సండ్ర చెట్టుకు శాస్త్రీయ నామంగా అతను ఆ తెలుగు పేరునే వాడాడు. ఆ పేర్లు చెప్పిన జనం, ఆ బొమ్మలు గీసిన చేతులు ఎవరివో పుస్తకం చెప్పదు. వాళ్ల చూపు లేకుండా ఆ పుస్తకం లేదు. ఆ రుణం మనం గుర్తుంచుకోవాలి.

1915లో వృక్షశాస్త్రవేత్త గాంబుల్ మొదలుపెట్టి, అతని మరణానంతరం ఫిషర్ 1936లో పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాలో, అంటే ఆ ప్రాంతపు మొక్కల గ్రంథంలో, ప్రజాతులకూ జాతులకూ కీలున్నాయి. కోస్తా, రాయలసీమ మొక్కలకు అది నేటికీ ఆధారం. నిజాం రాజ్యంలోని తెలంగాణ దాని పరిధిలోకి రాలేదు. తర్వాత అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పుల్లయ్య, ఆయన సహచరులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఫ్లోరా తెచ్చారు.

ఇప్పుడు ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు వస్తుంది. అది మేలే. కానీ ఆ పేరు ఎందుకో అది మనకు చూపించదు. కీ వెంట నడిచినవాళ్లకు పేరుతో పాటు చూపు కూడా దక్కుతుంది. తంగేడును అలా తెలుసుకున్న పిల్ల రేలనూ కసివిందనూ చూడగానే చుట్టరికం పసిగడుతుంది. ప్రతి బడీ తన చుట్టూ ఉన్న పాతిక ముప్పై మొక్కలకు తెలుగులో ఒక కీ రాయించగలదు. చిన్న భూతద్దం, నోటుపుస్తకం, ఓపిక ఉంటే చాలు. ఒక బడి పిల్లలు రాసిన కీ పట్టుకుని పక్క ఊరి పిల్లలు, ఎవరినీ అడగకుండా, సరైన మొక్క దగ్గర ఆగగలిగితే రాసినవాళ్లు సరిగ్గా చూసినట్టే.