నిరీక్షణశబ్ద విచారము

శ్రీకాకుళము జిల్లాలో కాశీబుగ్గ, పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతములందలి క్రైస్తవసభలలో నిత్యము వినవచ్చు పదములలో "నిరీక్షణ" యనునది యొకటి. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యను మూఁడింటిని గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోఁ జెప్పెను. ఈ మూఁటిలో మొదటిదానిని గూర్చి గాని, కడపటిదానిని గూర్చి గాని పండితులకు సందేహము కలుగదు. నడిమిదానిని గూర్చి మాత్రము సంస్కృత మెఱిఁగినవాఁ డిట్లు ప్రశ్నింపవచ్చును: "నిరీక్షణ మనఁగాఁ జూచుట కదా! పౌలు చెప్పినది ఆశను గూర్చి. చూచుట ఆశ యెట్లగును? ఇది పాదిరీల తెలుఁగు గాక మఱి యేమి?"

ఈ ప్రశ్న త్రోసివేయఁదగినది కాదు. ఒక జనసమూహము రెండు వందల సంవత్సరములుగాఁ దన ధర్మమున కాధారముగాఁ జేసికొన్న పదము అపప్రయోగమా, సుప్రయోగమా యని తెలిసికొనుట భాషాపరిశోధకులకు విధి. మతవాద మిచ్చట నప్రస్తుతము. పదమును, ఆ పదము పుట్టిన గ్రంథమును, దానిని ఈ తీరమునకుఁ దెచ్చినవారి చరిత్రమును మాత్రమే విచారింతము.

పదార్థము

నిర్ అను నుపసర్గముతోఁ గూడిన ఈక్షధాతువునుండి నిరీక్షణశబ్దము పుట్టినది. ధాత్వర్థము చూచుటయే. భగవద్గీత ప్రథమాధ్యాయమున అర్జునుఁడు తన రథమును రెండు సేనల నడుమ నిలుపుమని కోరి, యుద్ధమునకు వచ్చినవారిని చూచెదనని పలుకుచోట నీ ధాతువే యీ యుపసర్గముతోనే ప్రయుక్తమైనది. హిందీలో నేఁటికిని నిరీక్షణ మనఁగా తనిఖీ. ఎదురుచూచుట యను నర్థమున సంస్కృతమునఁ బ్రసిద్ధమైనది ప్రతీక్ష. ఇంతవఱకు ఆక్షేపించువారి మాట యథార్థమే.

కాని యీ ధాతువుయొక్క సంతానము నంతయు నొక్కచోటఁ జేర్చి చూడవలెను. అపేక్ష, ఉపేక్ష, పరీక్ష, ప్రతీక్ష, సమీక్ష యనునవి యన్నియు ఈక్షజన్యములే. చూపు ఒక వస్తువుపై నిలిచి దానిని విడువకున్న నది యపేక్ష. ఆ చూపే వస్తువును దాఁటిపోయిన నుపేక్ష. రాఁబోవుదాని వైపునకుఁ దిరిగినఁ బ్రతీక్ష. చూపునుండి కోరికకును, కోరికనుండి వేచియుండుటకును అర్థము ప్రసరించుట యీ ధాతువునకు స్వభావసిద్ధము. అపేక్ష యన్నప్పుడు చూపును తలఁపక కోరికనే గ్రహించు మనము, నిరీక్షణ యన్నప్పుడు మాత్రము చూపు దగ్గఱనే యేల నిలిచిపోవలెను?

తెలుఁగు మాటలును ఈ త్రోవనే నడచినవి. వేచు, కాచు అను క్రియలు భాషలో నుండఁగా, జనులు మిక్కిలిగా వాడునది "ఎదురుచూచు" అను మాట. అది కంటిపని. "కనిపెట్టు" అను మాటయు నట్టిదే. అందు నున్నది కను ధాతువు. నేఁడు క్రొత్త విషయమును తెలిసికొనుట యను నర్థమున వాడుచున్న యీ మాటను తెలుఁగు బైబిలులో వేచియుండుట యను నర్థమునఁ బెక్కుచోట్లఁ జూడవచ్చును. లూకా సువార్త రెండవ యధ్యాయమున, ఇశ్రాయేలునకుఁ గలుగవలసిన యోదార్పునకై వేచియున్న సుమెయోనను వృద్ధునిఁ జెప్పుటకు వాడినది కనిపెట్టు అను క్రియయే. కావున నిరీక్షించు, ఎదురుచూచు, కనిపెట్టు అను మూఁడును, సంస్కృతమైనను దేశ్యమైనను, వేచియుండుటను దృష్టిగానే భావించుచున్నవి. నేఁటి కథలలోను, పత్రికలలోను క్రైస్తవేతరులు సయితము నిరీక్షణ మనఁగా నెదురుచూపనియే వ్రాయుచున్నారు.

ఇఁక "ఆశ" యను మాటను గ్రహింపక పోవుటకుఁ దగిన కారణము మన వాఙ్మయముననే యున్నది. దురాశ, పేరాశ, అత్యాశ యను మాటలు బాలురకును దెలియును. వేదాంతులకును, శతకకవులకును ఆశ త్యాజ్యము. ఆశాపాశమని దానికి బిరుదము. విడువవలసినదానికిఁ బెట్టిన పేరును, విడువరానిదానికిఁ బెట్టిన వినువాఁడు భ్రమించును. ఇందొక విశేషమును గమనింపఁదగును. హీబ్రూభాషలో ఆశకుఁ బేరు తిక్వా. ఇది వేచియుండుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినదే. ఈ మాటకే త్రాడు అను నర్థమును గలదు. యెహోషువ గ్రంథమున రాహాబు తన యిల్లు రక్షింపఁబడుటకై కిటికీకిఁ గట్టిన యెఱ్ఱని త్రాడును జెప్పుచోట నీ శబ్దమే కలదు. మన కవులకు ఆశ బంధించు త్రాడు. హీబ్రూలకది రక్షించు త్రాడు. ఇంత భేదమున్నచోట అనువాదకుఁడు వేఱొక మాటను వెదకుట న్యాయమే.

సోదరభాషలలో నీ యొక్క భావమునకే వేర్వేఱు మాటలు నిలిచినవి. కన్నడ బైబిలులో మనవలెనే నిరీక్షె. మలయాళమునఁ బ్రత్యాశ. తమిళమున నంబిక్కై, అనఁగా నమ్మకము. కన్నడమున ఆ నంబికె యను మాటయే విశ్వాసమునకుఁ జెల్లినది. ఒకే ద్రావిడధాతువు ఒకచోట విశ్వాసమునకును, వేఱొకచోట నాశకును బేరైనది. తెలుఁగును, కన్నడమును మాత్రము ఆశను ఎదురుచూపుతో నేకము చేసినవి.

సువార్తలలోని నిరీక్షణ

ఈ యేకీకరణము మూలగ్రంథమున కనుకూలమా, విరుద్ధమా యనునది తరువాతి ప్రశ్న. గ్రీకుభాషలో ఆశకు ఎల్పిస్ అని పేరు. పౌలు పత్రికలలో నీ నామవాచకము పలుమాఱు వచ్చును. కాని మత్తయి, మార్కు, లూకా, యోహానులు వ్రాసిన నాలుగు సువార్తలలోను ఇది యొక్కమాఱైనను లేదు. క్రియారూపము మాత్రము అయిదుచోట్లఁ గానవచ్చును: మత్తయిలో నొకటి, లూకాలో మూఁడు, యోహానులో నొకటి. మార్కులో నదియును లేదు.

ఆశ యను పేరు లేని యీ గ్రంథములు ఆశను బోధింపలేదా? బోధించినవి; పేరు చెప్పక, వేచియున్న మనుష్యులను జూపి బోధించినవి. సుమెయోనుతోఁ బాటు దేవాలయమును విడువని యెనుబదినాలుగేండ్ల అన్న యను ప్రవక్త్రి. దేవుని రాజ్యమునకై యెదురుచూచుచుండిన అరిమతయి యోసేపు. బేతెస్ద కోనేటి గట్టున ముప్పదియెనిమిదేండ్ల వ్యాధితోఁ బడియున్న పేరులేని మనుష్యుఁడు. పెండ్లికుమారునికై దివిటీలు పట్టిన పదిమంది కన్యకలు. పెండ్లివిందునుండి యజమానుఁడు తిరిగి వచ్చి తలుపు తట్టఁగానే తీయుటకై మేలుకొనియున్న దాసులు. వీరిలో నొక్కరును ఊరక కూర్చున్నవారు కారు. కన్యకల కథలో నిద్ర అందఱికిని వచ్చెను. భేదము నూనెయందే యున్నది. మేలుకొనియుండుట, సిద్ధపడియుండుట, చూచుచుండుట యనునవి సువార్తలలో నాశకు లక్షణములు. ఈ లక్షణములు ఆశ యను మాటలో నిముడవు. నిరీక్షణ యను మాటలో నిముడును.

మత్తయి సువార్త పండ్రెండవ యధ్యాయములోని ప్రయోగము మన విచారమునకు మిగుల నుపకరించును. అచ్చట నన్యజనులు ఆయన నామమునం దాశ యుంతురని యున్నది. ఇది యెషయా గ్రంథము నలువది రెండవ యధ్యాయమునుండి గ్రహింపఁబడినది. హీబ్రూ మూలమున నా వాక్యమునకర్థము వేఱు: ద్వీపములును, సముద్రతీరభూములును అతని యుపదేశమునకై వేచియుండునని. క్రీస్తునకుఁ బూర్వము యూదులు తమ గ్రంథములను గ్రీకులోనికి మార్చినప్పుడు "వేచియుండు" అను చోట "ఆశ యుంచు" అను మాటను బెట్టిరి. మత్తయి దానినే గ్రహించెను. వేచియుండుటయు, ఆశయు నొకదాని చోట నొకటి నిలువఁగలవని తెలుఁగు అనువాదకులు క్రొత్తగాఁ గల్పింపలేదు. అది రెండువేల యేండ్లకుఁ బూర్వపు అనువాదకుల త్రోవయే. అచ్చట ఎదురుచూపు ఆశగా మాఱెను. ఇచ్చట ఆశ తిరిగి ఎదురుచూపయ్యెను.

లూకా చివరి యధ్యాయమున ఎమ్మాయునకుఁ బోవు త్రోవలో నిద్దఱు శిష్యులు తమ నిరాశను చెప్పుకొందురు. తమతో నడచుచున్నవాఁ డెవఁడో వారికిఁ దెలియదు. వారి కన్నులు మూయఁబడియున్నవని లూకా చెప్పుచున్నాఁడు. తాము ఒకప్పుడు నిరీక్షించియుంటిమని వారు భూతకాలమునఁ బలుకుదురు. రొట్టె విఱిచినప్పుడు కన్నులు తెఱవఁబడును. గ్రీకుమూలమున ఆశకును, కన్నులకును ధాతుసంబంధము లేదు. తెలుఁగుపాఠమునఁ గలదు. చూపు పోయినవారే నిరీక్షణ పోయినదని చెప్పుట తెలుఁగు చదువరికి లభించిన యర్థపుష్టి.

అనువాదకుల నిరీక్షణ

తెలుఁగులో సువార్తలు అచ్చగుటయు నొక దీర్ఘనిరీక్షణమే. జర్మనీలోని హాలెనుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసున నుండి, 1732 నాఁటికి బైబిలును తెలుఁగులోనికి మార్చెను. ఆ గ్రంథము అచ్చుపడలేదు. స్వదేశమునకుఁ దిరిగి వెళ్లిన పిదప నాయన 1746 మొదలుకొని కొన్ని చిన్న తెలుఁగు పుస్తకములను హాలెలో అచ్చువేయించెను. బైబిలు మాత్రము వ్రాఁతప్రతిగానే యుండిపోయెను.

1805లో లండను మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణమునకు వచ్చిరి. ఆనందరాయరు అను మహారాష్ట్ర బ్రాహ్మణుఁడు క్రైస్తవుఁడై వారి పనిలోఁ జేరెను. విదేశీయుల కిరువురకును భాషయే గడ్డుసమస్య. ఆనందరాయరు తోడ్పాటుతో ననువాదము సాగెను. 1809లో క్రాన్ మరణించెను. 1810లో డెస్ గ్రాంజెస్ మరణించెను. 1812 మార్చిలో శ్రీరామపురపు ముద్రణాలయము అగ్నికి ఆహుతియై, అనేక భాషల అచ్చుదిమ్మలును, వ్రాఁతప్రతులును గాలిపోయెను. ఆ సంవత్సరముననే మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుఁగున అచ్చటనే వెలువడెను. షుల్జ్ అనువాదము ముగిసిన యెనుబదేండ్లకు సువార్త అచ్చులోఁ గనఁబడెను. దానికై శ్రమించిన యిద్దఱు విదేశీయులును దానిని జూడలేదు. సుమెయోను తాను వేచియున్నదానిని జేతులతో నెత్తికొనెను. వీరి కా భాగ్యము కలుగలేదు.

తరువాతి పని త్వరగా సాగెను. 1818లో శ్రీరామపురమువారి క్రొత్తనిబంధన వెలువడెను. విశాఖపట్టణపు ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన యనువాదము మద్రాసున అచ్చయ్యెను. 1840లో విశాఖకు వచ్చిన జాన్ హే 1891లోఁ జనిపోవువఱకు నీ ప్రాంతముననే యుండి బైబిలు సంస్కరణమునకుఁ బాటుపడెను. ఇట్లు తెలుఁగు బైబిలు భాషలో నధికభాగము ఉత్తరాంధ్రతీరమున రూపు దాల్చినది.

ఉత్తరతీరము

ఈ పదములు గ్రంథమును విడిచి జనుల నోటికి వచ్చుటకుఁ గారకులలో నొకఁడు ఈ సీమవాఁడే. వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణకుటుంబమున 1803లోఁ బర్లాకిమిడి ప్రాంతమున జన్మించిన పురుషోత్తమ చౌదరి, 1833లోఁ గటకమున బాప్తిస్మమును బొంది, 1890లో మరణించువఱకు బోధకుఁడుగాను, కవిగాను జీవించెను. దేశీయరాగతాళములలో నాయన రచించిన కీర్తనలు ఆంధ్రక్రైస్తవ కీర్తనల సంపుటమున నేఁటికిని బాడఁబడుచున్నవి. చదువురానివారును వానిని గంఠస్థము చేసిరి. 1875లో వచ్చిన కెనడా బాప్టిస్టులు క్రమముగా చికాకోలు, టెక్కలి, సోంపేట, పర్లాకిమిడులలో సభలను, పాఠశాలలను, వైద్యశాలలను నెలకొల్పిరి.

వానిలో సోంపేట విషయము మన పదమునకుఁ జేరువైనది. కాశీబుగ్గకు ఈశాన్యముననున్న ఆ యూరి ఆరోగ్యవరము వైద్యశాలలో బెన్ గల్లిసన్ అను కెనడా వైద్యుఁడు కంటిచికిత్సకుఁ బ్రసిద్ధి గాంచెను. ఆయన పనికిఁ దోడుపడుటకై 1963లో కెనడాలోని కల్గరీ నగరమున ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ పుట్టి, క్రమముగా నితరదేశములకును వ్యాపించెను. కంటిపొర తొలఁగుటకై ఆ వైద్యశాల వసారాలో వేచియున్నవానికి చూపును, ఎదురుచూపును వేఱుకావు. నిరీక్షణశబ్దముయొక్క రెండర్థములును ఆ నిమిషమున నొక్కటియే.

ఉద్దానపు జనులకు వేచియుండుట క్రొత్త గాదు. వేఁటకుఁ బోయిన పడవకై తీరమున నిలుచు పల్లెకారులు, మూలకారణము నేఁటికిని నిశ్చయింపఁబడని మూత్రపిండవ్యాధితోఁ బెనఁగులాడు కుటుంబములవారు దీని నెఱుఁగుదురు. 2018 అక్టోబరు 11వ తేది తెల్లవాఱుజామునఁ దిత్లీ తుపాను పలాస చేరువనే తీరమును దాఁటి, కొబ్బరితోఁటలను, జీడిమామిడితోఁటలను గూలఁద్రోసెను. దేశవాళి కొబ్బరిమొక్క కాపునకు రావలెనన్న నయిదాఱేండ్లకుఁ దక్కువ పట్టదు. కూలినచోటనే మరల మొక్కను నాటినవాఁడు అన్నియేండ్లును ఊరక కూర్చుండఁడు. పాదు చేయును, నీరు పోయును, మొవ్వు వంకఁ జూచుచుండును. యాకోబు తన పత్రికలో నోర్పునకు నిదర్శనముగాఁ జూపినది, తొలకరివానకును, కడవరివానకును వేచియుండి భూమిఫలమునకై కనిపెట్టుకొనియుండు కర్షకునే. అనువాదకులు నిరీక్షణ యను మాటచేఁ జెప్పఁదలఁచిన దేదియో వ్యాఖ్యాన మవసరము లేకయే ఈ రైతునకుఁ దెలియును.

కావున నిరీక్షణశబ్దమును ఆశ యను నర్థమున వాడుట అపప్రయోగము కాదని నా యభిప్రాయము. ధాతుస్వభావము దాని ననుమతించుచున్నది. తెలుఁగు నుడికారము దానిని సమర్థించుచున్నది. సువార్తల భావము దానిని గోరుచున్నది. ఒక్క హెచ్చరిక మాత్రము మిగిలియున్నది. నేఁడు పాఠశాలలలో కనిపెట్టు అను మాటకు నూతనార్థమే బోధింపఁబడుచున్నందున, బాలురు బైబిలును గాని, గతశతాబ్దపు వచనమును గాని చదువునపుడు పొరపడుచున్నారు. ఉపాధ్యాయులు ఈ మాటల పూర్వార్థమును గూడ నేర్పినచో, ఈ తీరమున నిన్నూఱేండ్లు జనులు దేనిని కనిపెట్టుకొని యుండిరో వారికిఁ దెలియఁగలదు.