చైనా సంగీత నాటక మ్యూజియంలు

చైనా సంప్రదాయ సంగీత నాటకానికి పేరుమోసిన మ్యూజియంలలో మూడు పాత ప్రాంతీయ సంఘాల భవనాల్లోనే వెలిశాయి. టియాంజిన్‌లో 1907లో కట్టిన గ్వాంగ్‌డాంగ్ హుయిగ్వాన్ 1986లో మ్యూజియం అయింది. అదే ఏడాది సుజౌలోని చ్వాన్‌జిన్ హుయిగ్వాన్‌లో తెరిచిన నాటక మ్యూజియానికి 2003లో, కున్‌చు అనే సంగీత నాటక శైలి పేరిట, చైనా కున్‌చు మ్యూజియం హోదా దక్కింది. బీజింగ్‌లో 1807 నాటి హూగ్వాంగ్ హుయిగ్వాన్‌ది కూడా ఇదే దారి. పరాయి ఊరికి వ్యాపారానికో కొలువుకో వచ్చిన ఒకే ప్రాంతంవారు బసకూ, పూజకూ, తగవులు తీర్చుకోవడానికీ చందాలు వేసుకుని కట్టుకున్నవి ఈ హుయిగ్వాన్‌లు. నాటక చరిత్ర రాసేవారు రాజాస్థానాన్నీ పండితులనూ ముందు నిలబెడతారు. ఈ కళను జనం మధ్య నిలిపింది మాత్రం వర్తకుల డబ్బేనని వీటిలో టియాంజిన్, సుజౌ భవనాలు సాక్ష్యమిస్తున్నాయి. అందుకే కొత్తగా వెళ్లినవారు అద్దాల బీరువాల్లోని పట్టు దుస్తుల కంటే ముందు వేదికను చూడాలి.

సుజౌ వేదిక మూడు వైపులా తెరిచి, నడివాకిట్లోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. పైన గుండ్రని చెక్క గుమ్మటం. అందులో 324 నల్లని గబ్బిలాలు, 306 బంగారు మేఘాలు సుడి తిరుగుతూ పైకి సాగుతాయి. చూడటానికే కాదు, నటుడి గొంతును కిందికి మళ్లించడానికీ అది పనికొస్తుంది. మూడు దిక్కులా ప్రేక్షకులుంటే పెద్ద పెద్ద తెరలకూ సెట్టింగులకూ చోటుండదు. ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. వాటినే కొండగా, మంచంగా, కోటగోడగా నమ్మించాల్సిన భారం నటుడి చేతులదీ నడకదీ. అంగీ చేతులకుండే పొడవాటి తెల్లని కొసలూ, దూరం నుంచే పాత్రను పట్టిచ్చే ముఖరంగులూ ఎందుకంత ముఖ్యమో ఈ వేదిక ముందు నిలబడితే తెలుస్తుంది.

ఈ కళను నిలిపింది వర్తకుల డబ్బేనన్న మాటకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. కున్‌చు గానాన్ని 16వ శతాబ్దంలో తీర్చిదిద్దినవాడు వెయ్ లియాంగ్‌ఫు అనే గాయకుడు. 1598లో 'పియోనీ పెవిలియన్' రాసిన తాంగ్ షియాన్‌జు పండితుడు, అధికారి. ఆ నాటకాలు పెరిగింది సంపన్నుల ఇళ్లలో, తోటల్లో. పైగా చ్వాన్‌జిన్ భవనం షాన్‌షీ వర్తకులది, వారి సొంత నాటక సంప్రదాయం వేరు. 1860 యుద్ధంలో పాతది నాశనమయ్యాక ఇప్పుడున్నచోట 1879లో మొదలుపెట్టి కట్టుకున్నారు. అప్పటికే కున్‌చు క్షీణదశలో ఉంది. ఇవన్నీ నిజాలే, ఒప్పుకోవాలి. ఆ వేదిక కున్‌చు పుట్టుకకు సాక్ష్యం కాదు. కానీ పుట్టించడం వేరు, బతికించడం వేరు. అధికారులు ఇళ్లలో నాటక బృందాలను పోషించకూడదని 18వ శతాబ్దపు చక్రవర్తులు ఆంక్షలు పెట్టాక, నటులకు కూలి దొరికింది బయటి వేదికల మీదే. 1921లో సుజౌలో కున్‌చు శిక్షణాలయం మొదలైతే, దాని ఖర్చు భరించినవాడు షాంఘై నూలు మిల్లుల యజమాని మూ ఓచూ. అక్కడ చదివిన పిల్లలందరి రంగస్థల నామాల్లో 'చువాన్' అనే అక్షరం ఉంటుంది. 1956లో 'పదిహేను సరాల నాణేలు' నాటకంతో కున్‌చును మళ్లీ దేశం ముందు నిలబెట్టిన వాంగ్ చువాన్‌సోంగ్, జౌ చువాన్‌యింగ్ ఆ బడి పిల్లలే.